తొట్టెల దావత్‌లో గులాబీ గోళీ

ఇంద్రేశంలో మా పాప తనుశ్రీని ఉయ్యాల్లో వేసి మా ఇంట చేసిన తొట్టెల దావత్‌కు విచ్చేసిన బంధుమిత్రులందరికీ గుమ్మం దగ్గరే గంధం రాసి, పన్నీరు చల్లి, తలా ఒక గ్యాస్ గోళీ ఇచ్చి సగౌరవంగా స్వాగతం పలికామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. స్టీలు పళ్లెంలో గులాబీ రంగు గోళీలు, పక్కన నీళ్ల గ్లాసులు. చాక్లెట్లనుకుని చిన్నపిల్లలు చేయి చాపుతుంటే పళ్లాన్ని తీసుకెళ్లి ఫ్రిజ్ మీద పెట్టాను. అది తప్పట. వచ్చినవాళ్లకు అందేలా ఉండాలని అత్తమ్మ మళ్లీ కిందికి దించింది.

గోళీ మింగాకే మటన్ దగ్గరికి నడవాలి. మా వైపు ఇది మర్యాద. భానూర్‌లో ఒక పెళ్లిలో ఆడపిల్లవాళ్లు గోళీలు పెట్టడం మరిచిపోతే, 'మా కడుపులంటే లెక్కలేదా' అని మగపెళ్లివాళ్లు అన్నం ముందు నుంచి లేచారు. అంతటి నాగరికత మాది.

మా మామయ్య సంగయ్యగారు ఈ శాస్త్రంలో పెద్దలు. గోళీని తిండికి అరగంట ముందు వేసుకోవాలని డాక్టర్లు అంటారు. మామయ్య కడుపునిండా తిని, గుండెల్లో మంట మొదలయ్యాక వేసుకుంటారు. "దొంగ రాకముందే పోలీసును పిలుస్తరా?" అని అడుగుతారు. అత్తమ్మ ముత్యమ్మగారిది ఇంకో పద్ధతి. మోకాళ్ల నొప్పి గోళీ వేసుకున్నా, జ్వరం గోళీ వేసుకున్నా తోడుగా గులాబీది ఒకటి. ఏ గోళీనీ కడుపులోకి ఒంటరిగా పంపకూడదట, కొత్త కోడలిని పుట్టింటికి పంపనట్టే.

ఏళ్ల తరబడి ఇలా సేవించాక మామయ్య అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. సంగారెడ్డిలో పెద్ద డాక్టరుకు చూపించాం.

"ఈ గోళీ ఎప్పటి నుంచి వాడుతున్నారు?" అని ఆయన అడిగాడు.

"గుర్తు లేదు సార్. ఎవరు రాసిండ్రో గుడ గుర్తు లేదు."

డాక్టరు ఓపికగా చెప్పాడు. అవసరం ఉన్నన్నాళ్లు వాడితే మంచి మందేనట. ఎవరినీ అడగకుండా ఏళ్లకేళ్లు మింగితే ఒంట్లో బి పన్నెండు తగ్గి తిమ్మిర్లు రావచ్చునట, ఎముకలు గుల్లబారవచ్చునట. రక్తపరీక్ష చేయిద్దాం, అవసరం లేకపోతే మెల్లగా తగ్గిద్దాం, ఒక్కసారిగా ఆపితే మంట ఎగదన్నుతుంది, అందుకని మీ అంతట మీరు ఆపొద్దు అన్నాడు. మామయ్య అందులో చివరి మాటనే భద్రంగా ఇంటికి తెచ్చుకున్నారు.

"ఆపొద్దన్నడు" అని గల్లీలో అందరికీ చెప్పారు.

ఇప్పుడు అసలు సంగతి. మా తనుశ్రీ పాలు తాగగానే ఇంత కక్కుతుంది. నాకు భయమై పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె బరువు చూసింది, ఉచ్చ సరిగ్గా పోస్తోందా అని అడిగింది. పిల్ల బాగా పెరుగుతోంది, ఈ వయసులో ఇది మామూలే, పాలు పట్టాక కాసేపు భుజాన నిటారుగా ఎత్తుకో, మందు అవసరం లేదు, నన్నడగకుండా ఏదీ పట్టొద్దు అంది. ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ నా మొహం వంక చూసింది.

"గోళీ రాయలే? మరి ఫీజెందుకు తీసుకున్నది?"

ఆ రోజు నుంచి ఆ డాక్టరమ్మ చదువు మీద మా ఇంట్లో అనుమానం నెలకొంది.

దావత్ దగ్గరికి వద్దాం. మా గల్లీ చివర మందుల దుకాణం నడిపే దశరథ్‌గారు ముఖ్య అతిథి. దుకాణంలో నిలబడీ నిలబడీ ఆయన తనంతట తానే డాక్టర్ సాబ్ అయిపోయారు. మైకు అందుకున్నారు.

"అన్నలారా, అక్కలారా. ఇప్పటి దునియల అన్ని బీమార్లకు మూలం ఒక్కటే, గ్యాస్. తలనొప్పా, గ్యాస్. ఛాతిల నొప్పా, గ్యాస్. పరేషాన్ గావొద్దు, మన దుకాణం తెరిచే ఉంటది."

చప్పట్లు మోగాయి. ఛాతీ నొప్పి వస్తే ముందు ఆస్పత్రికి వెళ్లి గుండె చూపించుకోవాలని గోడల మీద రాసి ఉంటుంది. గోడల మీద రాసినవన్నీ చదివే తీరిక మనకెక్కడిది?

సరిగ్గా అప్పుడే తనుశ్రీ కక్కింది. మైకు ఆగిపోయింది.

"అయ్యో, పసిగుడ్డుకు గుడ గ్యాసే" అన్నారు దశరథ్. "సగం సాలు. తేనెల రంగరించి పిల్ల నాల్కకు రాయుండ్రి."

అత్తమ్మ గులాబీ గోళీని చెంచాలో నలిపేసింది. నేను వద్దన్నాను. డాక్టరమ్మ వద్దందని చెప్పాను. తొమ్మిదో తరగతితో బడి మానిన నా మాట అంతమంది పెద్దల్లో ఎక్కడ వినిపిస్తుంది? మా ఆయన మల్లేష్ వంక చూశాను. పటాన్‌చెరులో మందుల కంపెనీలోనే పని. "పెద్దోళ్లున్నరు గద, వాళ్లు జూస్కుంటరు" అని ఆయన బగారన్నం వడ్డించడానికి వెళ్లిపోయారు.

చెంచా దగ్గరికొస్తోంది. పిల్లను భుజానికెత్తుకుని వెనక్కి జరిగాను. అప్పుడు కంది నుంచి వచ్చిన మా అమ్మ దేవమ్మ కనిపించింది.

"అత్తమ్మా, మా అమ్మోళ్లు గులాబీది వాడరు" అన్నాను మెల్లగా. "వాళ్లది గొట్టం గోళీ, గా క్యాప్సూలు. అదే మంచిదంటరు."

చెంచా ఆగింది.

"ఏం వదినె, మా గోళీకేమైంది?" అంది అత్తమ్మ.

"నేనేమన్న అన్ననా వదినె? జెర పాతది, గంతే. మా కంది దిక్కు ఇప్పుడెవ్వరు మింగుతలేరు."

"మా ఇంటి పిల్లకు మీ కంది గోళీ ఏస్తరా?"

"కడుపుల మోసింది మా బిడ్డ. గా గులాబీది ఎట్ల ఏస్తవో జూస్త."

దశరథ్‌గారు రాజీ కుదర్చబోయారు, రెండూ చెరి సగం వేద్దామన్నారు. రెండు వైపుల వాళ్లూ ఆయన మీదే లేచారు. మటన్ చల్లారిపోయింది. ఈ గొడవలో నేను పిల్ల వీపు నిమురుతూ షామియానా చివరి దాకా నడిచాను. అది ఒక్క తేన్పు తేన్చి, నా మెడలో మొహం దూర్చి నిద్రపోయింది.

వియ్యాలవారి మధ్య ఇప్పటికీ మాటల్లేవు. వాళ్ల గోళీ పిల్ల నోట్లో పడనివ్వమని వీళ్లు, వీళ్ల గోళీ పడనివ్వమని వాళ్లు ఒట్టేసుకుని కాపలా కాస్తున్నారు. తనుశ్రీ హాయిగా పెరుగుతోంది. నా దిగులంతా కలిసిమెలిసి, ఒకే మాట మీద ఉండే ఇళ్లలో పుట్టిన పిల్లల గురించే.