రత్నాలమ్మ కనిపెట్టిన యూరియా

ఆ రోజు పొద్దున్న రత్నాలమ్మ వేసుకున్న ప్లానులో సొంత అన్నని హంతకుణ్ణి చెయ్యడం లేదు. నూతిలో నీళ్ళు తోడాలి. అంగన్‌వాడీలో పిల్లలకి ఉప్మా వండాలి. వాళ్ళు పడుకున్నాక సల్ఫేట్లూ నైట్రేట్లూ ఒకసారి తిరగెయ్యాలి. సాయంత్రం మొగుడు పలాస నుంచి వచ్చేసరికి చేపల పులుసు దింపి ఉంచాలి. అంతకుమించి ఆమె బుర్రలో ఏమీ లేదు.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం. ఊరు ఉద్దానంలో, సముద్రానికి కాస్త ఇవతల, కొబ్బరితోటలకీ జీడితోటలకీ మధ్య. ఆ ఊరి అంగన్‌వాడీలో రత్నాలమ్మ ఆయా. అక్కడి టీచరు రిటైరవబోతోంది. ఆ కుర్చీలో కూర్చోవాలంటే పదో తరగతి పాసవ్వాలన్నారు. ఎప్పుడో ఏడులో చదువు మానేసి, కూతుళ్ళని అత్తారిళ్ళకి కూడా పంపేసిన రత్నాలమ్మ ప్రైవేటుగా పరీక్షకి కట్టింది. ప్రతి ఆదివారం పలాస వెళ్ళి శివాజీ మాస్టారి దగ్గర సైన్సు చెప్పించుకునేది. లెక్కలు ఆమెకి లొంగలేదు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం దగ్గరే ఆగిపోయింది. ఫార్ములాలు మాత్రం ఎందుకో చక్కగా పట్టుబడ్డాయి. అల్యూమినియం తన మూడుని ఆక్సిజన్‌కిచ్చి, ఆక్సిజన్ తన రెండుని అల్యూమినియానికివ్వడం ఆమెకి కుండమార్పిడి పెళ్ళిలా ఇట్టే అర్థమైపోయింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, అప్పట్నుంచి ఆ ఇంట్లో ఉప్పు ఉప్పు కాకుండా పోయింది. పులుసులో సోడియం క్లోరైడ్ సరిపోయిందా అని అత్తగారు బొడ్డమ్మని అడిగేది. అది సరిపోయింది గానీ ఉప్పు లేదని బొడ్డమ్మ చెప్పేది.

మొగుడు బైరాగి జీడితోట రైతు. కొన్నాళ్ళుగా అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోతున్నాడు. ఒళ్ళంతా దురద. సాయంత్రానికి పాదాలు పొంగి చెప్పులు పట్టేవి కావు. ఆ ఊళ్ళో అలా పొంగి, అలా తిండి మానేసి, మంచం పట్టి పోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎందువల్లో ఎవరికీ తెలియదు. నీళ్ళన్నారు, గాలన్నారు, అమ్మవారికి తీర్చని మొక్కన్నారు. రత్నాలమ్మకి మొగుడంటే ప్రాణం. ఆ మాట పైకి అనేది కాదు గానీ, ఉబ్బిన ఆ పాదాలు చూసినప్పుడల్లా కొబ్బరినూనె రాసి ఒత్తేది. ఆ జబ్బేదో తెలిస్తే దాని అంతు చూడాలని ఉండేది.

జీడిపిక్కలు అమ్మడానికి పలాస వెళ్ళిన బైరాగి, అంతకు ముందు రక్తమిచ్చిన ల్యాబు నుంచి రిపోర్టు కూడా పట్టుకొచ్చాడు. డాక్టరుకి చూపించమన్నారు. డాక్టరు సోమవారం గాని రాడు. ఇంట్లో పదో తరగతి చదివే మనిషి ఉండగా సోమవారం దాకా ఆగడం దేనికని రత్నాలమ్మ కాగితం లాక్కుంది.

మొదటి వరసలో యూరియా అని ఉంది. ఎదురుగా నూట నలభై ఎనిమిది. నలభై దాటకూడదని పక్కనే అచ్చేసి ఉంది. కింద వరసలో ఇంకేదో పొడుగాటి పేరు. కూడబలుక్కుంటే క్రియాటినిన్ అని వచ్చింది. ఇప్పుడైతే ఉద్దానంలో పలక పట్టని ముసలమ్మ కూడా ఆ మాట తడుముకోకుండా పలుకుతుంది, ఏ ఇంట్లో ఎవరికి ఎంతుందో కూడా చెబుతుంది. అప్పటికి ఆ మాట ఈ ఊరి దాకా రాలేదు. ఆమె పుస్తకంలోనూ లేదు. పుస్తకంలో లేనిది పరీక్షకి రాదని శివాజీ మాస్టారు చెప్పి ఉన్నారు కాబట్టి రత్నాలమ్మ దాన్ని వదిలేసింది.

"నీ రగతంలో యూరియా ఉంది," అంది.

"ఏ యూరియా?"

"ఇంకే యూరియా, సేలో సల్లీ యూరియా. ఎన్ హెచ్ టూ, సీ ఓ, ఎన్ హెచ్ టూ. నీకెవులో ఎట్టినారు."

"నాకెట్టడానికి నానేటి వరిసేనునా?" అన్నాడు బైరాగి.

మొదట అనుమానం సారా మీదికి పోయింది. సారా బట్టీలో యూరియా కలుపుతారని ఆమె విని ఉంది. తాగుడు మానేశానని బైరాగి అమ్మవారి ముందు ఒట్టేసి ఉన్నాడు. అయినా ప్రాణం మీదికొచ్చేసరికి, అప్పుడప్పుడూ జీడితోటలో ఒక గ్లాసు పడుతోందని ఒప్పుకున్నాడు. అప్పుడప్పుడూ పడే గ్లాసుకి నూట నలభై ఎనిమిది రాదని లెక్కగట్టి రత్నాలమ్మ సారాని వదిలేసింది. మొగుణ్ణి మాత్రం వదల్లేదు, రెండు రోజులు మాట్లాడలేదు.

తరవాత వంతు సంచులది. ఆ ఊళ్ళో యూరియా సంచికి అది ఖాళీ అయ్యాకే అసలు జీవితం మొదలవుతుంది. బియ్యం దాంట్లోనే, జీడిపిక్కలు దాంట్లోనే. నాలుగు కలిపి కుడితే చాప, నెత్తిన కప్పుకుంటే గొడుగు. రత్నాలమ్మ బియ్యం సంచి బోర్లించి వాకిట్లో కుప్ప పోసింది. ఎందుకని పక్కింటివాళ్ళు అడిగారు. ఆమె చెప్పింది. మధ్యాహ్నానికి ప్రతి వాకిట్లోనూ బియ్యం కుప్పలే. ఊరి కోళ్ళకి ఆ రోజు పండగ. సంచులన్నీ ఇసకలో పోగేసి నిప్పంటిస్తే నల్లటి పొగ లేచింది. వేటకెళ్ళిన పక్కపేట జాలర్లు ఒడ్డున ఊరు తగలబడుతోందని వల సగంలో వదిలేసి తెప్పలు తిప్పుకొచ్చారు. కాలినవి సంచులని తెలిశాక వాళ్ళు అన్న మాటలు ఇక్కడ రాయకూడదు.

కానీ ఆ పొగ వల్లే విషయం ఇంటింటికీ పాకింది. ఒకామె పెట్టె అడుగు నుంచి మామగారి పాత రిపోర్టు తీసుకొచ్చింది. దాంట్లోనూ యూరియా ఉంది. ఇంకొకరు తెచ్చారు. ఉంది. చనిపోయినవాళ్ళ కాగితాలు కూడా వచ్చాయి, వాటిలో ఇంకా ఎక్కువుంది. రత్నాలమ్మ అరుగు మీద కూర్చుని ఒక్కో కాగితం చూసి ఉందని చెప్పేది. వినపడనివాళ్ళకి ముందున్నవాళ్ళు ఉందట అని అందించేవారు. కొడుకు పోయిన ఒక తల్లి, ఆ కాగితాన్ని చదివించుకుని గుండెకి హత్తుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ పేరు లేని చావుకి పేరు దొరికింది. అది ఆ ఊరికి ఎంత ఊరటో బయటివాళ్ళకి తెలియదు.

పేరు దొరికాక మనిషి దొరకాలి కదా. ఊళ్ళో ఉన్నది ఒకటే కొట్టు. అది రత్నాలమ్మ అన్న పోలారావుది. ఆ కొట్లో ఒక మూల యూరియా విడిగా అమ్ముతాడు, ఇంకో మూల మరమరాలు అమ్ముతాడు. తక్కెడ ఒకటే, కొలిచే డబ్బా ఒకటే. బైరాగి రోజూ సాయంత్రం బావ కొట్లో ఉల్లిపాయ కలిపిన మరమరాల పొట్లం తినేవాడు. పోలారావు మరమరాలు మల్లెపువ్వులా అంత తెల్లగా ఎందుకుంటాయని, అది యూరియా తెలుపు కాదా అని గుంపులోంచి ఎవరో అడిగారు. అందరూ రత్నాలమ్మ వైపు చూశారు. కాదని ఆమె అనలేదు. నిజానికి ఆమె చేసిన తప్పు ఆ ఒక్కటే, అది చాలింది.

ఊరి పెద్ద ఢిల్లీరావు పోలారావుని పిలిపించాడు. జబ్బుపడ్డవాళ్ళందరూ అతని కొట్లోనే కొన్నారన్నది పెద్ద సాక్ష్యం కింద నిలబడింది. పడనివాళ్ళు కూడా అక్కడే కొన్నారన్న మాట ఎవరికీ తోచలేదు. పోలారావు నిలబడలేక నిలబడి, చేతులూ మెడా గోక్కుంటూ ఉంటే, తప్పు చేసినవాడికి దురద పుట్టకేం చేస్తుందన్నారు. అతను పిల్లల మీద ఒట్టేశాడు. ఎవరూ నమ్మకపోయేసరికి కంగారులో ఇంకో మాట అన్నాడు.

"తూకంలో సెయ్యెట్టినాను, ఒప్పుకుంతన్నాను. తిండిలో ఏటీ ఎట్టలేదు బాబూ."

తూకంలో మోసం సంగతి అప్పటిదాకా ఊరికి తెలియదు. దాంతో గొడవ రెండింతలైంది. కొట్టు మూయించారు. పోలారావు పెళ్ళాంతో నూతి దగ్గర మాట్లాడేవాళ్ళు లేకపోయారు. అతను చెల్లెలి గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఊరోల్లు సరే. నువ్వు కూడా నమ్మినావేటే?"

రత్నాలమ్మ తలుపు వేసుకుంది. వేసుకుని, లోపల కూర్చుని ఏడ్చింది. తల్లి పోయాక తనని పెంచినవాడు ఆ అన్నే. కానీ ఎదురుగా మంచం మీద బైరాగి పాదాలు ముందుకన్నా లావుగా ఉన్నాయి. యూరియా నీళ్ళలో కరుగుతుందని పుస్తకంలో ఉంది కాబట్టి, కడిగెయ్యడానికి పొద్దునా సాయంత్రం కడుపునిండా కొబ్బరినీళ్ళు తాగిస్తోంది. అయినా తగ్గట్లేదు.

చివరికి ఢిల్లీరావే ఒక దారి కనిపెట్టాడు. విషం అమ్మేవాడు తన సరుకు తను తినడు. పోలారావు రక్తం పరీక్ష చేయించాలి. శుభ్రంగా ఉంటే వాడే దొంగ. యూరియా ఉంటే వాడూ మనలో ఒకడే. ఈ తీర్పుకి ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. శనివారం పోలారావు పలాస వెళ్ళి రక్తమిచ్చి వచ్చాడు. ఆ రాత్రి తన రక్తంలో యూరియా ఉండాలని అమ్మవారికి కోడిపుంజుని మొక్కుకున్నాడట.

ఆదివారం రత్నాలమ్మ మొగుడి రిపోర్టు చేతిసంచిలో పెట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఊళ్ళో ఇంత పెద్ద విషయం తన చదువు వల్ల బయటపడిందంటే ఆయన మెచ్చుకుంటారని ఆశ. శివాజీ మాస్టారు యూరియా ఫార్ములా విని, ఒప్పేనన్నారు. కాగితం చూశాక మాత్రం ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"ఇది బయటనుంచి రాదమ్మా. నీకూ నాకూ కూడా ఒంట్లోనే తయారవుతుంది. తిన్న తిండిలోంచి. మూత్రపిండాలు దాన్ని బయటికి తోసెయ్యాలి. ఇతనివి తొయ్యట్లేదు," అన్నారు. "కింద వరస చూశావా?"

"అది మన పుస్తకంలో లేదు కదండి."

మాస్టారు ఆ వరస మీద వేలు పెట్టారు. ఒకటీ ఒకటింబావు ఉండాల్సిన చోట ఏడుందని, మూత్రపిండాలు చాలామటుకు పోయాయని, రేపే విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలని చెప్పారు. ఏం తాగిస్తున్నావని అడిగారు. ఆమె చెప్పింది. కొబ్బరినీళ్ళు వెంటనే ఆపెయ్యమన్నారు, వాటిలో పొటాషియం ఉంటుంది, ఇలాంటివాళ్ళకి అది గుండె మీదికి తెస్తుందన్నారు. పొటాషియం రత్నాలమ్మకి తెలుసు. పేరులో ఎక్కడా లేని కె అక్షరం దాని గుర్తు. నెల్లాళ్ళ కిందట అది గుర్తుపెట్టుకున్నందుకు ఆయనే శభాష్ అన్నారు.

తిరుగు ఆటోలో ఆమె ఒకటే అనుకుంటూ వచ్చింది. ముందు అన్న కాళ్ళ మీద పడాలి. తప్పు తనదని ఊరందరి ముందూ చెప్పాలి.

ఆటో దిగేసరికి కొట్టు తెరిచి ఉంది. ముందు జనం. పోలారావు బస్తా విప్పి అందరికీ దోసిళ్ళతో మరమరాలు ఊరికే పంచుతున్నాడు. ఢిల్లీరావు అతని భుజం మీద చెయ్యేసి నిలబడి నములుతున్నాడు. మొన్న తిట్టినవాళ్ళందరూ నములుతున్నారు. చెల్లెల్ని చూడగానే పోలారావు గోక్కుంటున్న చెయ్యి ఆపి, జేబులోంచి, పొద్దున్నే పలాస నుంచి తెచ్చుకున్న కాగితం తీసి రెపరెపలాడించాడు.

"సూడు సెల్లీ. నూట తొంబై. మీ ఆయనకన్నా నాకే ఎక్కువుంది."

ఊరంతా నవ్వింది. రత్నాలమ్మ కాగితం అందుకుంది. ఈసారి యూరియా జోలికి పోలేదు. కింద వరస చదివింది. తొమ్మిది పాయింటు నాలుగు. చదివి, అన్న కాళ్ళ వైపు చూసింది. చెప్పులు లేవు. పాదాలు నున్నగా, బైరాగి పాదాల్లాగే మెరుస్తున్నాయి. పోలారావు ఒక పొట్లం చుట్టి ఆమె చేతిలో పెట్టాడు, దీన్లో ఏమీ కలపలేదు, తినమన్నాడు. ఆమె నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. ఆటోలో అనుకున్నది పక్కన పెట్టి, మిగతా పొట్లం మడిచి కొంగున కట్టుకుంది.

"అన్నియ్యా, రేపు మీ బావతో పాటు నువ్వూ ఇశాపట్నం ఎల్లాల," అంది.

"ఎందుకే, నాను గెలిసీసినాను గదా," అన్నాడు పోలారావు.

మర్నాడు బస్సులో బావా బావమరుదులకి పక్కపక్క సీట్లు దొరికాయి. టెక్కలి దాటేదాకా ఇద్దరూ చెరో పక్కకి చూస్తూ కూర్చున్నారు. తరవాత బైరాగి, మరమరాల పొట్లం తెచ్చావా అని అడిగాడు. పోలారావు తెచ్చాడు.

మరుసటి ఏడు మార్చి వచ్చేసరికి ఆ కొట్టు తలుపు తియ్యడానికి మనిషి లేడు. బైరాగి ఇంకా విశాఖపట్నం బస్సు ఎక్కుతూనే ఉన్నాడు, పక్క సీటు వైపు చూడకుండా. రత్నాలమ్మ పదో తరగతి పరీక్ష రాసింది. సైన్సు పేపర్లో యూరియా ఫార్ములా అడిగారు.

తప్పు లేకుండా రాసినందుకు ఒక మార్కు వేశారు.