మోకాలికి సగం తరుగు

మనిషి తన కాళ్ల మీద తాను నిలబడాలన్నది ప్రభుత్వ విధానం. ఎంత మేరకు నిలబడవచ్చో మాత్రం ఉత్తర్వులు వచ్చాకే తెలుస్తుంది.

మా ఊరి సర్కారు ఆసుపత్రికి నడక యంత్రం వచ్చింది. పైనుంచి వేలాడే పట్టీలు నడుముకు బిగిస్తే రోగి బరువు కొంత అవే మోస్తాయి. కింద పట్టా కదులుతుంటే, మిగిలిన బరువుతో కాళ్లు నడక నేర్చుకుంటాయి. మోకాలి ఆపరేషన్ అయిన ఈరక్కను దాని మీదికి ఎక్కించారు. పత్తి తీతలు మొదలయ్యేలోగా ఆమె నడవాలి. లేకుంటే కూలి ముఠాలో ఆమె చోటు ఇంకొకరికి పోతుంది. (చేలు ఎవరి మోకాలి కోసమూ ఆగవు. వాటికి మర్యాద తక్కువ.)

"సగం బరువు పట్టీలకు పోతాది పెద్దమ్మా, సగమే నీ మోకాలి మీద పడతాది," అంది ఫిజియోథెరపిస్టు శివజ్యోతి.

ఈరక్క మొగుడు ఈరన్న, పత్తి అమ్మిన ప్రతిసారీ తేమ పేరిట తూకంలో కోసే తరుగుకు బలైన రైతు. ఆయనకు ఒళ్లు మండింది.

"సగానికి సగం తరుగా? తడిసిన పత్తికి గూడా ఇంత తీయరు గదమ్మా."

"తరుగు కాదు పెదనాయనా. వారం వారం తగ్గించుకుంటా పోతాం. ఆఖర్న బరువంతా ఆమె కాళ్ల మీదికే వస్తాది."

"వారానికొక రేటా? శానా బాగుండాది మీ యాపారం."

ఈరన్న ఫిర్యాదు ఆసుపత్రి నడక పర్యవేక్షణాధికారి ప్రదీప్‌కుమార్ గారికి చేరింది. ప్రజల మాటను తేలిగ్గా తీసుకునే మనిషి కారాయన. రోగి ఎవరైనా, వారం ఏదైనా తరుగు సగమేనని, పెంచరాదు తగ్గించరాదని ఉత్తర్వు వేశారు. (బక్కపలచని వారికి అన్యాయం జరుగుతుందేమో చూడటానికి ఉపసంఘం వేశారు.)

"తగ్గించకపోతే మోకాలికి బలం రాదు సార్," అని శివజ్యోతి మొత్తుకుంది.

"బలం రోగి సొంత విషయం. రేటు అందరికీ ఒకటే."

"ఆఫీసరంటే ఇట్లుండాల," అన్నాడు ఈరన్న.

పత్తి తీతలు మొదలయ్యే రోజుకు, పట్టీలకు వేలాడుతూ ఈరక్క దివ్యంగా నడిచింది. అధికారులు చూసి చప్పట్లు కొట్టారు, నయమైందని ప్రకటించి పట్టీలు విప్పారు. నేల మీద ఒక్క అడుగు వేసి ఆమె గోడ పట్టుకుంది. మోకాలు వణుకుతోంది. బయట ముఠా ఆటో ఆమె లేకుండానే చేలకు బయలుదేరింది. ఈరన్న తల తిప్పుకున్నాడు. పక్కనే ఉన్న నాకూ ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు.

"నేను నడవాల్సింది ఈడ కాదు సార్, చేన్లో," అంది ఈరక్క.

ప్రదీప్‌కుమార్ గారు జాలిగానే చూశారు.

"చేనంటే వ్యవసాయ శాఖమ్మా. వాళ్లనడుగు."