కుడిపక్కకు వెళ్ళిన పన్ను

ఆ శనివారం పొద్దున కొర్నేలి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్మా తినాలి, కూతురు తీసిన బొమ్మల సీరియల్ ఒకసారి చూడాలి, ఆ తరవాత సాయంత్రం హాల్లో దాని ఆట ముగిసేదాకా నోరు మూసుకోవాలి. మొదటి రెండు పనులూ ఎవరైనా చేస్తారు. మూడోది మాత్రం అతను పుట్టి బుద్ధెరిగాక ఒక్కపూట కూడా చేసి ఎరగడు.

కొర్నేలి భిలాయి ఉక్కు ప్లాంటులో రైలు పట్టాల తనిఖీ చేసి రిటైరైన మనిషి. నిగనిగలాడే పట్టాలో వెంట్రుకవాసి పగులు పట్టుకోవడం అతని ఉద్యోగం. ఉద్యోగం నుంచి అతను దిగిపోయాడు గాని అతని కళ్ళు దిగిపోలేదు. అవి వచ్చి సినిమాల మీద పడ్డాయి. దుర్గ్ సినిమా హాల్లో హీరో తల్లి ప్రాణం విడుస్తుండగా లేచి నిలబడి, ఆమె కట్టు ఎడమచేతి నుంచి కుడిచేతికి మారిందని చాటాడు. హాలంతా గొల్లున నవ్వింది. ఏడవడానికి టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన ఆడవాళ్ళు మాత్రం అతన్ని ఇప్పటికీ క్షమించలేదు. వీధిలో ఒకరి పెళ్ళి వీడియో చూస్తూ, పెళ్ళికొడుకు మెళ్ళో దండ మధ్యలో రంగు మారిందని పట్టుకుని, మొదటి దండను మేక తినేసిన రహస్యం బయటికి లాగాడు. అప్పటి నుంచి వాళ్ళుండే ఖుర్సీపార్‌లో ఎవరూ అతని పక్కన కూర్చుని ఏ సినిమా చూడరు.

అతను ఇంటిల్లిపాదికీ వినిపించే కథ ఒకటుంది. మిల్లులో ప్రతి షిఫ్టు మొదట్లో, మంచి పట్టాల కంటే ముందు, కావాలని బొక్క పెట్టిన పట్టా ఒకటి పరీక్ష మిషనులోకి పంపేవారు. మిషను ఆ బొక్కను పట్టుకుంటే ఆ రోజు పని మొదలు. పట్టుకోకపోతే మిషను నిద్రపోతున్నట్టే లెక్క. దాన్ని అందరూ బొక్కపట్టా అనేవారు. ఈ కథ అతని కూతురు ఎవాంజెలిన్ అన్నం తింటూ విన్నది, పరీక్షలకు చదువుతూ విన్నది, జ్వరమొచ్చి పడుకున్నప్పుడు కూడా విన్నది.

ఆ ఎవాంజెలిన్ రాయ్‌పూర్‌లో ఉద్యోగం మానేసి, ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, ఖుర్సీపార్ తెలుగువాళ్ళ మీద నవ్వుల సీరియల్ తీసింది. బొమ్మలన్నీ వీధిలో మనుషులే. అందులో బామ్మ ఎవరో కాదు, పక్కింటి గున్నమ్మ. ఆమెకు పైవరసలో ఎడమపక్క పన్ను ఒకటి లేదు. ఆ సందులోంచి మాటమాటకీ చిన్న ఈల వస్తుంది. ఆ ఈల కోసమే ఎవాంజెలిన్ బామ్మకు గొంతు కూడా ఆమె చేతనే చెప్పించింది. తాత ఆమె మొగుడు నూకరాజు, తెల్లటి గుబురు మీసంతో సహా. టీకొట్టు మనిషి జగ్గయ్య, చిల్లుల బనీనుతో సహా.

సీరియల్ కొనడానికి హైదరాబాదు నుంచి వనజాక్షి అనే నిర్మాత ఆ రోజు దుర్గ్‌లో రైలు దిగుతోంది. సాయంత్రం చర్చి వెనక హాల్లో జనంతో కలిసి మొదటి భాగం చూస్తుంది. ఆమె సరేనంటే ఎవాంజెలిన్‌కు ఏడాది పని. కాదంటే సోమవారం రాయ్‌పూర్ వెళ్ళి పాత ఆఫీసు గుమ్మం ఎక్కాలి. అందుకే ఆ పిల్ల తండ్రి చేత మాట తీసుకుంది.

"హాల్లో మీరు లేవకూడదు డాడీ. ఏం కనిపించినా సరే, ఏక్‌దమ్ చుప్. ప్రామిస్?"

"ప్రామిసే," అన్నాడు కొర్నేలి. కూతురి కోసం కళ్ళు తీసిమ్మన్నా ఇచ్చేవాడే. నోరు ఇవ్వడం కొంచెం కష్టమనిపించింది.

ఉప్మా ప్లేటు పక్కన పెట్టి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కథ బాగా నవ్వొచ్చేలా ఉంది. బామ్మ చుట్టాలను తీసుకురావడానికి దుర్గ్ స్టేషనుకు బయలుదేరుతుంది. దారి పొడుగునా పాత తెలుగు సినిమాల్లోని ఘట్టాలన్నీ ఆమెకు ఎదురవుతాయి. దసరా మేళాలో తప్పిపోయిన అన్నదమ్ములు చెరో సగం లాకెట్టు తీస్తే రెండూ ఎడమ సగాలే అవుతాయి. కుటుంబ గీతం అన్న తెలుగులో ఎత్తుకుంటే, భిలాయిలో పెరిగిన తమ్ముడు హిందీలో అందుకుంటాడు. చావుబతుకుల్లో ఉన్నవాడు హంతకుడి పేరు చెప్పకుండా, ముందు వాడి ఊరు, గోత్రం, బావమరిది ఉద్యోగం చెప్పుకుంటూ పోతాడు. విలన్ కారు నంబరు కొర్నేలి పాత స్కూటరు నంబరే. అది చూసి అతని గుండె ఉప్పొంగింది.

ఆ పొంగు మీద నీళ్ళు పడ్డాయి. ఆటో ఎక్కేటప్పుడు బామ్మకు ఎడమపక్క ఉన్న పన్ను సందు, ఆటో దిగేటప్పటికి కుడిపక్కకు వెళ్ళింది. కొర్నేలి ప్రాణం గిలగిల్లాడింది. ఆ తరవాత తెర మీద ఏం జరిగిందో అతనికి తెలియదు. కళ్ళు బామ్మ నోటి దగ్గరే ఆగిపోయాయి.

"ఎలా ఉంది డాడీ?" అంది ఎవాంజెలిన్, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

చెబుదామని నోరు తెరిచాడు. మాటిచ్చిన సంగతి గుర్తొచ్చింది. ఇంకాసేపట్లో నిర్మాత ఎదుట నిలబడబోయే పిల్ల గుండె ఎందుకు పగలగొట్టాలి? "బాగుందమ్మా," అన్నాడు.

"అంతేనా?"

"అంతే. శానా బాగుంది."

ఎవాంజెలిన్ మొహం వాడిపోయింది. బాగుందంటే మొహం వాడడమేమిటో అతనికి బోధపడలేదు. ఆ పిల్ల ఇంకేం అడగకుండా స్టేషనుకు వెళ్ళిపోయింది.

తనిఖీ మనిషికి ఒక నియమం ఉంటుంది. అసలుతో పోల్చకుండా నకిలీ మీద తీర్పు చెప్పకూడదు. సందు నిజంగా ఎడమపక్కే ఉందా, ఇన్నేళ్ళూ తనే తప్పు చూశాడా? కొర్నేలి తిన్నగా గున్నమ్మ వాకిట్లోకి వెళ్ళాడు. ఆమె బియ్యం ఏరుకుంటోంది. కాసేపు వాతావరణం గురించి మాట్లాడుతూ ఆమె నోట్లోకి చూశాడు. సరిగా కనబడలేదు.

"అప్పా, ఒకపాలి నోరు తెరు," అన్నాడు.

"ఎందుకురా తమ్ముడా?"

"ఏటీ లేదు. ఆ హైదరాబాదు మేడం వస్తంది గదా..." అని, కూతురికిచ్చిన మాట జ్ఞాపకమొచ్చి టక్కున ఆగాడు. ఆశ్చర్యంతో తెరుచుకున్న నోట్లో సందు ఎడమపక్కే కనబడింది. చూసుకుని తృప్తిగా ఇంటికి వచ్చేశాడు. వెనక ఏం వదిలి వచ్చాడో చూసుకోలేదు.

సగం చెప్పిన మాట పూర్తి మాట కంటే దూరం పోతుంది. మిగతా సగాన్ని గున్నమ్మ తనే పూరించుకుంది. మేడంకు బోసి సందు నచ్చలేదన్నమాట. ఆవిడ ఎంత పెద్దింటి మనిషో, పాపం కొర్నేలి ఆ సంగతి నోటితో చెప్పలేక నోట్లోకి చూసి పోయాడు. ఆమె కొడుకు నిరుడెప్పుడో తీసి పెట్టుకునే పన్ను ఒకటి చేయించి ఇచ్చాడు. అది నోట్లో ఒరుసుకుంటోందని ఆమె పోపుల డబ్బా పక్కన స్టీలు డబ్బీలో పడేసింది. ఇప్పుడు కడిగి పెట్టుకుంది. మేడంకు అందంగా లేనివాళ్ళు పనికిరారట అని నూకరాజుతో చెప్పింది. నూకరాజు మీసానికి నల్లరంగు కొనడానికి వెళ్ళి, కొట్లో ఎదురైన జగ్గయ్యకు చెప్పాడు. జగ్గయ్య టీకొట్టు మూసి, తమ్ముడి పెళ్ళినాటి కోటు ట్రంకుపెట్టెలోంచి తీసి ఎండలో వేశాడు. మధ్యాహ్నానికి సెలూను ముందు వరస పెరిగింది. వీధి వీధంతా సబ్బు వాసన కొట్టింది.

కొర్నేలి భార్య కాంతం కుళాయి దగ్గర ఈ వార్త విని మోసుకొచ్చింది. విన్న కొర్నేలి లెక్క వేసుకున్నాడు. పన్ను పెట్టుకుంటే సందు మూసుకుపోతుంది. సందు మూసుకుపోతే ఈల పోతుంది. ఆట అయ్యాక బామ్మ గొంతు ఎదురుగా వినాలని నిర్మాత ముందే కోరింది. అతను మళ్ళీ గున్నమ్మ వాకిట్లోకి పరుగెత్తి పన్ను తీసెయ్యమని బతిమాలాడు. ఎందుకని ఆమె అడిగితే, చెబితే బొమ్మలో తప్పు బయటపడుతుందని మళ్ళీ బతిమాలడమే చేశాడు.

"పొద్దున్న తెరవమన్నావు, ఇప్పుడు తియ్యమంటన్నావు. నా నోరేటి, మీ మిల్లు గేటనుకున్నావేటి?" అంది గున్నమ్మ. అన్ని మాటల్లో ఒక్క ఈల కూడా లేదు.

కూతురికి ఫోను చేశాడు. మేడం పక్కనే ఉన్నారు, బాద్ మే మాట్లాడతానని ఆ పిల్ల పెట్టేసింది. నోరు మూసుకుంటానని మాటిచ్చినవాడివి గున్నమ్మప్ప ఇంట్లో కూడా మూసుకుని ఉండాల్సిందని కాంతం అంది. అందులో తప్పు పట్టడానికి కొర్నేలికి ఏమీ దొరకలేదు.

సాయంత్రం హాలు నిండింది. ఎవాంజెలిన్ దారిలోనే నిర్మాతకు గొప్పగా చెప్పి ఉంచింది, బొమ్మలోని మనుషులందరూ ముందు వరసలో కూర్చుంటారు, మీరే గుర్తుపడతారని. వనజాక్షి ముందు వరసను ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. అక్కడ బిగించిన పెదవులతో పట్టుచీరలో ఒకావిడ, కారునలుపు మీసంతో ఒకాయన, కోటు తొడుక్కుని చెమటలు కక్కుతున్న ఒకాయన కూర్చున్నారు. "మీవాళ్ళు ఇంకా రాలేదా?" అని అడిగింది. ఎవాంజెలిన్ ముందు వరసను చూసి గోడవారకు వెళ్ళి నిలబడింది.

దీపాలు ఆర్పారు. తెర మీద బామ్మకు పన్ను సందుంది, తాతకు తెల్లమీసముంది, జగ్గయ్యకు బనీనుంది. తెర ముందు ఏదీ లేదు. సినిమాల్లో అలాంటి పొరపాట్లు ఏరుకుంటూ బతికిన కొర్నేలి, వీధి మొత్తాన్నే ఒక పొరపాటుగా మార్చేసి కూర్చున్నాడు. గున్నమ్మ నవ్వితే పన్ను ఊడుతుందని నవ్వలేదు. ఆ వీధిలో నవ్వు ఎప్పుడూ గున్నమ్మ దగ్గరే మొదలవుతుంది. ఆమె నవ్వకపోతే ఏదో తప్పు జరిగిందనుకుని మిగతావాళ్ళూ నవ్వలేదు. లాకెట్లు వచ్చి పోయాయి, హిందీ కుటుంబ గీతం వచ్చి పోయింది. హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. వనజాక్షి ఫోను తీసి టైము చూసుకుంది. గోడవారగా నిలబడ్డ ఎవాంజెలిన్ చున్నీ అంచు వేళ్ళకు చుట్టుకుంటోంది. చిన్నప్పుడు మార్కులు తగ్గితే అలాగే చుట్టుకునేది. చూడలేక కొర్నేలి తెరకేసి తల తిప్పుకున్నాడు.

బామ్మ ఆటో దిగింది. సందు కుడిపక్కకు వెళ్ళింది. అతను చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు. కథ దుర్గ్ కోర్టులోకి వచ్చింది. జడ్జీ తీర్పు చెప్పబోతుండగా తలుపు తోసుకుని, లావుపాటి కళ్ళజోడుతో ఒక బట్టతల మనిషి వచ్చి, "ఆపండి," అని అరిచాడు. కొర్నేలి నివ్వెరపోయాడు. అది తనే. పొద్దున పన్ను వెంట పడి తన బొమ్మను తనే చూసుకోలేదు. కూతురు తనను ఎప్పుడూ తప్పు పట్టేవాడిగా కాక, ఆఖరి నిమిషంలో వచ్చి కాపాడేవాడిగా గీసింది.

ఇక మాటా లేదు, ప్రామిసూ లేదు. "ఆపండి," అంటూ కొర్నేలి లేచి నిలబడ్డాడు.

తెర మీద ఒక కొర్నేలి, తెర ముందు ఒక కొర్నేలి, ఇద్దరూ ఒకేలా చెయ్యెత్తి నిలబడ్డారు. హాలు ఒక్కసారిగా పగలబడి నవ్వింది. ఎవాంజెలిన్ బొమ్మ ఆపేసింది.

"గున్నమ్మప్ప పన్ను మీద ఎవరూ ఏటీ అన్లేదు," అన్నాడు కొర్నేలి. "బొమ్మలో పన్ను సందు ఎడంపక్క నుంచి కుడిపక్కకి పోనాది. అది సరిసూసుకుందామని నోరు తెరవమన్నాను. తప్పు నాది మేడం, పిల్లది గాదు."

"ఎప్పుడు చూశారు డాడీ?" అంది ఎవాంజెలిన్.

"పొద్దున్నే."

"మరి చెప్పలేదేం?"

"మాటిచ్చినాను గదమ్మా."

ఎవాంజెలిన్ రెండు చేతులతో తల పట్టుకుంది. తరవాత నవ్వింది, కళ్ళలో నీళ్ళు తిరిగేలా. "మాట హాలు కోసం. పొద్దున మీరు చెప్తారనే గుమ్మంలో నిలబడి రెండుసార్లు అడిగాను. అది నేను కావాలని పెట్టాను. అది బొక్కపట్టా డాడీ. మీరు పట్టుకోకపోతే నా బొమ్మ మనసు పెట్టి చూడలేదనుకున్నాను."

కొర్నేలి కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నేళ్ళు చెప్పిన కథను ఆ పిల్ల వింటోందని అతనికి ఆ రోజే తెలిసింది.

ముందు వరసలో పట్టుచీర లేచింది. "అయితే నా నోరు ఎవులికీ అడ్డం గాదన్నమాట," అంటూ గున్నమ్మ పన్ను ఊడదీసి, తెచ్చి కొర్నేలి అరచేతిలో పెట్టింది. "ఉంచుకో. తనిఖీ సేసుకుందువు గాని." మాటమాటకీ ఈల వేసింది. వనజాక్షి ఉలిక్కిపడి తెరకేసి చూసింది, గున్నమ్మకేసి చూసింది. ఆ రోజు మొదటిసారి ఆమె నవ్వింది. అది చూసి జగ్గయ్య కోటు విప్పేశాడు. కింద బనీను అలాగే ఉంది. నూకరాజు మీసం మాత్రం ఆ పూటకు అలాగే ఉండిపోయింది.

ఆ తరవాత హాలును ఎవరూ ఆపలేకపోయారు. పన్ను మారడం మళ్ళీ చూపించమన్నారు. చూపించాక మొదటి నుంచీ వెయ్యమన్నారు. ఉక్కు ఊరి జనం కదా, తలొక తనిఖీ అధికారి అయ్యారు. ఆటోవాడి చొక్కా రంగు మారిందని ఒకరు, స్టేషను గడియారం ముల్లు వెనక్కి తిరిగిందని ఒకరు అరిచారు. తప్పు దొరికిన ప్రతిసారీ చప్పట్లు, చప్పట్ల మధ్య గున్నమ్మ ఈల.

హైదరాబాదులో జనం ఒకసారి చూస్తే చాలని మొక్కుకుంటామని, వీళ్ళు వెనక్కి తిప్పి తిప్పి చూస్తున్నారని వనజాక్షి ఎవాంజెలిన్‌తో అంది. ఏడాదికి ఒప్పందం అక్కడే ఖాయం చేసింది. ఒక్కటే షరతు పెట్టింది, ప్రతి భాగంలోనూ ఒక బొక్కపట్టా ఉండి తీరాలని.

ఆ రాత్రికి హాలు మొత్తం మీద ఏడు తప్పులు పట్టింది. ఎవాంజెలిన్ కావాలని పెట్టింది ఒకటే. మిగతా ఆరూ ఎలా వచ్చాయని కొర్నేలి అడగలేదు, మాటిచ్చిన మనిషి కదా.