హర్షిణి అర్రకు సీతాకోకచిలుకలు

సెలవు రోజున ఎండ మొహం మీద పడితే గానీ దుప్పటి తీయని పర్శరాములు, ఆ ఆదివారం తెల్లవారకముందే లేచి, పళ్ళైనా తోముకోకుండా ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. ఫోన్‌లో ఒకావిడ ఆలుగడ్డను సగానికి కోసి, చాకుతో చెక్కి, రంగులో ముంచి గోడకు అద్దుతోంది. అద్దినప్పుడల్లా గోడ మీద ఒక సీతాకోకచిలుక వాలుతోంది. పిల్లల గదికి గోడ బొమ్మలు ఇంట్లోనే, మీ చేతులతోనే వేసుకోవచ్చని ఆవిడ నవ్వుతూ చెబుతుంటే పర్శరాములుకు ఒళ్ళు పులకరించిపోయింది. ఇంతేనా! ఇంత సులువా! ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం!

పర్శరాములుది గోదావరి దగ్గరి బొగ్గుగనుల కాలనీ. బొగ్గు బాయిలో, భూమి కింద, పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే ఉద్యోగం. ఇంట్లో మాత్రం ఏదీ నిలబెట్టిన పేరు లేదు. రెండో తరగతి చదివే కూతురు హర్షిణికి ముందున్న చిన్న అర్ర ఖాళీ చేసి, గోడల నిండా బొమ్మలేసి ఇస్తానని దసరాకు మాటిచ్చాడు. దసరా పోయింది, దీపావళి పోయింది, అర్రలో పాత కూలరూ విరిగిన కుర్చీలూ అలాగే ఉన్నాయి. మొన్న వాకిట్లో ఆడుకుంటూ హర్షిణి తన దోస్తులతో "మా బాపు చెప్తడు గని చెయ్యడు" అనడం ఆయన చెవిన పడింది. కోపంగా అన్నా బాధ లేకపోయేది. ఆ పిల్ల చాలా మామూలుగా, బడి పదింటికి తెరుస్తారన్నట్టు చెప్పింది. అప్పట్నుంచి పర్శరాములుకు అన్నం సహించడం లేదు.

హర్షిణి తల్లితో కలిసి సుల్తానాబాద్‌లో అమ్మమ్మ ఇంటికి వెళ్ళింది. మధ్యాహ్నం బస్సుకు వస్తారు. ఈలోగా కూలరూ కుర్చీలూ బయట పడాలి, గోడ మీద సీతాకోకచిలుకలు వాలాలి. తప్పదంతే! సంబరం ఆపుకోలేక భార్యకు ఫోన్ చేశాడు.

"జమునా! గోడంత సీతాకోకచిలుకలే! బిడ్డ చూసిందంటే ఎగిరి గంతేస్తది!"

"నువ్వా? బొమ్మలా?" అంది జమున నిద్ర గొంతుతో. "కిటికీకి రంగేస్తనని నా కొత్త చీరకేసినోనివి. ముందుగాల బయటి గోడకు ఏసి సూడు. మంచిగొస్తెనే లోపల ముట్టు. లోపలి గోడ ఖరాబు చేసినవో, నేను బస్సెక్క, గీడనే ఉంట."

"జర నువ్వు ఫికర్ చెయ్యకు!" అని ఫోన్ పెట్టేసి, పర్శరాములు వంటింట్లోంచి లావుపాటి ఆలుగడ్డ ఒకటి ఏరుకున్నాడు. గేటుకు వేయగా మిగిలిన ఎర్ర రంగు డబ్బా మంచం కింద దొరికింది. చెక్కడం మొదలుపెట్టాడు. తలా మీసాలూ చెక్కేటప్పుడే ఊడిపోయాయి. రెక్కలు మాత్రం నాలుగూ మిగిలాయి. బయటి గోడకు అద్ది, నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, "అబ్బ!" అనుకున్నాడు. ఉన్నమాట చెప్పాలంటే అక్కడున్నది అటునుంచి ఒక గీత, ఇటునుంచి ఒక గీత, నడిమిట్లో ఒకదాన్నొకటి కోసుకుంటూ. తండ్రి మనసుతో చూస్తే మాత్రం సీతాకోకచిలుకే, ఇప్పుడో అప్పుడో ఎగిరేటట్టుంది.

రంగు చిక్కగా ఉంటే బాగుంటుందా, పలచగా ఉంటే బాగుంటుందా అని అనుమానం వచ్చింది. కిరోసిన్ కొంచెం కలిపి ఒకటి, ఇంకొంచెం కలిపి ఒకటి అద్దాడు. ఏది ఏదో మరిచిపోకుండా వాటి కింద 1, 2, 3 అని వేలితో నంబర్లు వేశాడు. ఆ తరువాత ఎండలో ఎలా ఉంటుందో, నీడలో ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఆ లైన్‌లోని ఆరు క్వార్టర్లూ ఒకే కప్పు కింద వరసగా ఉంటాయి గనక ముందు గోడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే. జనమంతా అంగడికి పోయారు. రాత్రి షిఫ్టు చేసొచ్చిన వాళ్ళు గుర్రు పెడుతున్నారు. అడ్డు చెప్పేవాళ్ళు లేరు, చేతిలో ఆలుగడ్డ ఉంది, మనసు గాల్లో ఉంది. అద్దుకుంటూ, కింద అవే మూడు నంబర్లు మార్చి మార్చి వేసుకుంటూ ఆ కొస దాకా వెళ్ళిపోయాడు. అన్నిట్లోకీ రెండో నంబరు రంగు కుదిరిందని తేలింది. కానీ హర్షిణికి గులాబీ రంగంటే ప్రాణం. ఇంటికి తాళం వేసి, బండి తీసి గులాబీ రంగు కోసం బజారుకు ఉరికాడు.

అంగడి నుంచి మొదట తిరిగొచ్చింది కొస ఇంటి లింగవ్వ. గోడ వంక చూసింది. చేతిలోని సంచి జారి టమాటలు దొర్లిపోయాయి.

పోయిన ఎండాకాలం దవాఖాన వెనుక పాత క్వార్టర్లు కూలగొట్టేముందు కంపెనీ ఇళ్ళు చూసుకునే సివిల్ ఆఫీసు వాళ్ళు వచ్చి, ఇంటింటి గోడకూ ఎర్ర రంగుతో ఇంటూ గుర్తులాంటి అడ్డగీతలు కొట్టి, కింద నంబర్లు వేసి పోయారు. వారం తిరగకముందే జేసీబీ వచ్చింది. ఆ కాలనీలో ఎర్ర అడ్డగీతకు అర్థం చంటిపిల్లలకు కూడా తెలుసు.

"ఓ నా కొడుకో! మన ఇండ్లు కూలగొడుతున్నర్రో!" అని లింగవ్వ పెట్టిన కేకకు లైన్ లైనంతా లేచింది. కూలగొట్టేది రేపని ఒకరన్నారు. సాయంత్రానికే అని ఇంకొకరన్నారు. జేసీబీ నీళ్ళ ట్యాంకు దాటిందని మూడో ఆయన కళ్ళారా చూసినట్టు చెప్పాడు. ఇంకేముంది! బియ్యం డ్రమ్ములు, టీవీలు, దేవుడి పటాలు, గ్యాసు బండలు బయటికొచ్చేశాయి. పరుపులన్నీ తెచ్చి గోడకు ఆనించారు. రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్న మొండయ్యను ఎంత లేపినా లేవకపోయేసరికి, నలుగురు పట్టి మంచంతో సహా వాకిట్లో పెట్టారు. ఆయన అటు నుంచి ఇటు ఒత్తిగిలి మళ్ళీ గుర్రు అందుకున్నాడు.

పర్శరాములు గులాబీ రంగు డబ్బాతో, ఈల వేసుకుంటూ వచ్చేసరికి వాకిలంతా సామాను.

"ఏమైందత్తా? ఏందీ లొల్లి?"

"ఇంకేం కావాలె అల్లుడా!" లింగవ్వ నెత్తి కొట్టుకుంది. "ఇండ్లు కూలగొడుతరట! సివిలోళ్ళు దొంగల లెక్క వచ్చి గీతలు కొట్టి పోయిండ్రు. నీ ఇంటికి సుతం కొట్టిండ్రు!"

గోడ వంక చూస్తే పరుపులు తప్ప ఏమీ కనిపించడం లేదు. చూసే ఓపిక కూడా పర్శరాములుకు లేదు. ఇన్నాళ్ళకు, ఇన్ని పండుగలు పోయాక, బిడ్డ అర్రకు రంగు డబ్బా చేతిలో పట్టుకున్న రోజే కూలగొడతారా! ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా బిడ్డ అర్ర కూలగొడుతరా? ఎవడాడు? రమ్మను! నన్ను తొక్కి పొమ్మను!"

అప్పుడే యూనియన్ నాయకుడు లక్ష్మీరాజం జీపు దిగాడు. చాలా రోజులుగా నినాదాలకు సందర్భం దొరకక ఆయన ఆరోగ్యమే దెబ్బతింది. అందరికంటే గట్టిగా అరుస్తున్న మనిషిని చూసి ముచ్చటపడి, మైకు చేతికిచ్చాడు. "తమ్మీ, నువ్వు ముంగట నడువు!"

నడిచాడు. సివిల్ ఆఫీసు ఇంజనీరు బంగళా దాకా పర్శరాములే ముందు.

"ఎర్ర గీతలు!"

"చెరపాలె! చెరపాలె!"

"గీతలేసినోని చేతులు!"

"ఇరగాలె! ఇరగాలె!"

ఈ రెండో నినాదం పర్శరాములు సొంతంగా అల్లిందే. బాగా కుదిరిందని లక్ష్మీరాజం భుజం తట్టాడు కూడా.

ఇంజనీరు ఓంప్రకాశ్ ఆదిలాబాద్ వైపు నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చాడు. లుంగీలో ఇడ్లీ తింటున్నవాడు గుంపును చూసి చేయి కడుక్కోవడం మరిచిపోయాడు. గీతల సంగతి ఆయనకు బొత్తిగా తెలియదు. కానీ పాత లైన్ల సర్వే అయిందా అని పైఅధికారి అడిగితే, జీపు కూడా దిగకుండానే అయిందని చెప్పి ఉన్నాడు. కింద పనిచేసేవాళ్ళు ఎవరో గీసి ఉంటారు, ఇప్పుడు తెలియదంటే పరువేం కావాలి? గొంతు సవరించుకున్నాడు.

"అవును, సర్వే చేసినం. నేనే దగ్గరుండి ఇల్లిల్లూ చేయించిన. పరేషాన్ కావద్దు, వచ్చి చెప్త."

ఆయన ప్యాంటు వేసుకుని జీపులో లైన్‌కు వచ్చాక పరుపులు పక్కకు లాగారు. ఇంజనీరు గోడ ముందు నిలబడి, గీతను పరీక్షగా చూసి, వేలితో తట్టి, తల పంకించాడు.

"చూడండి, ఇది టెక్నికల్ విషయం. ఒకటి అంటే కప్పు కారుతున్నది అన్నట్టు. రెండు అంటే గోడ పగులుబట్టింది. మూడు అంటే అర్జెంటు, ఇగ ఆలస్యం చెయ్యరాదు."

పర్శరాములు మైకు ఎత్తి ఇంకో నినాదం అందుకోబోయాడు. అప్పుడు ఆయన కళ్ళు రెండో నంబరు మీద పడ్డాయి. తోక మెలితిరిగిన ఆ రెండు తనది. దాని పైన రెక్కలు విప్పుకున్నదీ తనదే. మైకు దించేశాడు. ఎర్ర రంగు ఇంకా వదలని కుడి చేతిని మెల్లగా జేబులోకి తోశాడు. ఇందాకటి నుంచి ఊరంతా విరగాలని కోరుతున్న చేయి అదే మరి.

"ఏమైంది తమ్మీ? అందుకో!" అన్నాడు లక్ష్మీరాజం.

"గొంతు పోయిందన్నా," అన్నాడు పర్శరాములు నీళ్ళు నములుతూ.

చెబితే? లింగవ్వ బియ్యం డ్రమ్ము మోసి నడుం పట్టుకుని కూర్చుంది. పక్కింటి వాళ్ళ టీవీ దించేటప్పుడు పగిలింది. ఈ గుంపు తన వీపు విమానం మోత మోగిస్తుంది. చెప్పకపోతే? ఆలోచిస్తుండగానే ఇంజనీరు చేతులెత్తేశాడు.

"సరే, సరే. మీ బాధ అర్థమైంది. ఇండ్లు కూలగొట్టం. గీ గీతలు ఇప్పుడే తుడిచేస్తం. ఎవరన్న బట్ట, కిరోసిన్ తెండి."

చప్పట్లే చప్పట్లు! పర్శరాములుకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అందరికంటే ముందు ఉరికి, కిరోసిన్‌లో తడిపిన బట్ట అందుకున్నాడు. నాలుగు రుద్దులు రుద్దితే అయిపోతుంది. ఏమీ జరగనట్టే ఉంటుంది. బట్ట గోడకు ఆనించాడో లేదో, ఆటో వచ్చి ఆగింది.

హర్షిణి ఆటోలోంచి దూకింది. గోడను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. కళ్ళు ఇంతింత చేసుకుంది.

"అవ్వా! సీతాకోకచిలుకలే! ఎన్ని సీతాకోకచిలుకలో! బాపూ, నువ్వే ఏసినవా? చెప్పినట్టే ఏసినవా?"

లైన్ లైనంతా ఇటు తిరిగింది. లేదమ్మా అంటే వీపు దక్కుతుంది. కిరోసిన్ బట్ట చేతిలోనే ఉంది. కానీ ఆ పిల్ల పైకి చూస్తున్న చూపు అలా ఉంది. దసరా నుంచి ఆ చూపు ఆయన మీద పడలేదు. పర్శరాములు బట్ట కింద పారేశాడు.

"అవ్ బిడ్డా. నేనే ఏసిన. ఆలుగడ్డతోని."

అందరూ ఆ ఎర్ర చేతి వంక చూశారు.

"నువ్వా!" లింగవ్వ నడుం సంగతి మరిచి లేచింది. "ఎంత పనిజేస్తివిరా! మా పాణాలు పోయినంత పనాయె గదరా!"

"మంచిగొస్తదో రాదో సూద్దామని, అత్తా..."

"బయటి గోడకు ఏసి సూడుమన్న," అని ఆటో పక్కనుంచి జమున పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది, "కాలనీకి ఏయుమన్ననా?"

లక్ష్మీరాజం మైకు లాక్కున్నాడు. ఒకరిద్దరు చెప్పులు వెతుక్కుంటున్నారు. పర్శరాములు కూతుర్ని ఎత్తుకుని కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడు వాకిట్లో మంచం మీద మొండయ్య లేచి కూర్చుని, ఆవలించి, తను ఇంట్లో ఎందుకు లేడో కనుక్కుని, చెప్పిందంతా విని, ఒక్క మాట అడిగాడు.

"అయితే సర్వే ఎవలు జేసిండ్రే?"

లైనంతా మళ్ళీ తిరిగింది, ఈసారి ఇంజనీరు వైపు. ఆయన అప్పటికే చప్పుడు చేయకుండా జీపులో ఒక కాలు పెట్టాడు.

"సారూ!" లింగవ్వ పరుగున పోయి జీపు తలుపు పట్టుకుంది. "దగ్గరుండి ఇల్లిల్లూ సూసినన్నవ్ గద! మా గోడకు మూడు ఉన్నది. మూడంటే అర్జెంటన్నవ్. వానొస్తే ఇల్లంత గిన్నెలు పెట్టి సస్తున్నం!"

ఓంప్రకాశ్ నోరు తెరిచాడు. అవి సీతాకోకచిలుకలంటే సర్వే అబద్ధమవుతుంది. సర్వే నిజమంటే ఆ నంబర్ల ప్రకారం ఇళ్ళు బాగుచేయించాలి. లక్ష్మీరాజం అప్పటికే మైకు ఆన్ చేశాడు. ఇంజనీరు గోడ వంక చూశాడు, గుంపు వంక చూశాడు.

"అర్జెంటే," అన్నాడు. "రేపే మేస్త్రీలను పంపుత."

"నాకు ఒకటో నంబరు ఏసినవేందిరా, నీ దోస్తును గాదా? మూడు ఏస్తే ఏమైతుండె?" అని మొండయ్య పర్శరాములు మీద అలిగాడు.

వానాకాలం వచ్చినా ఆ లైన్‌లో ఒక్క ఇల్లూ కారలేదు. హర్షిణి తన అర్రలో గులాబీ సీతాకోకచిలుకల కింద కాళ్ళు బార్లా చాపుకుని నిద్రపోతోంది. వెనుక లైన్ వాళ్ళు మాత్రం తమ ఇళ్ళకు సర్వే ఎప్పుడని ఆఫీసులో అడగడం మానేసి, పర్శరాములునే అడుగుతున్నారు.