నలభై ఒకటో నంబరు టేకుపై దండయాత్ర

గోదావరి గాలి సైతము వడగాలియై వీచు మండువేసవిలో, పందొమ్మిదివందల ఎనుబదియారవ ఏట, ఖమ్మము మెట్ట ముగిసి భద్రాద్రి అడవి మొదలగు చోట, తరుసహస్రశోభితమైన సర్కారు టేకుతోటలో, వృక్షశిఖరమాపనధురంధరుడును, అటవీశాఖ కొలతల అసిస్టెంటును అగు హరిలాల్ అను మహావీరుడు కాలు మోపెను. ఆ వీరుడను నేనే గనుక పొగడ్తకు కొదువ యుండదు; చిత్తగింపుడు.

ఐదేండ్లకొకమారు చెట్లను కొలిచి, ఇంత లావు చెట్టు ఇంత ఎత్తుండవలెనని కాగితముపై ఒక గీత గీయుట నా కొలువు. ఇత్తడి కోణదర్శినిని కంట ఆనించి, నలభై ఒకటో నంబరు టేకు మొదలును, కొనను గురిచూచి లెక్కకట్టితిని. అయ్యారే! కిందటిమారు కంటె రెండడుగులు పొట్టిదయ్యెను! లావు పెరిగి ఎత్తు తరిగిన వృక్షము ముల్లోకములందుండునా? మధ్యాహ్నమునకు రేంజరు జీపు వచ్చును. చెట్టు తరిగెనంటినా, తోటనంతయు మరల కొలువుమనును. ఆ ఎండను తలచినంతనే నా వీరరసము చెమటయై కారెను.

మరల గురిచూచితిని. కొన ఊగెను, నేనును ఊగితిని. లెక్క మాత్రము ఊగలేదు. అంతట నా దృష్టి చెట్టు మొదలును చుట్టూరా కౌగిలించుకొని, తొడెత్తున వెడల్పుగా నిలిచిన చెదలపుట్టపై బడెను.

“ఓరీ మృత్తికాదుర్గమా! వనస్పతిపాదాపహారీ! నేటితో నీ గర్వము సర్వము నేలమట్టము!” అని గర్జించి గడ్డపార ఎత్తితిని. కొలతకర్ర పట్టు కూలీ జంపక్క అడ్డము వచ్చెను.

“ఆగుండ్రి సార్! ఏంది గిది? మేం పాలు పోసిన పుట్ట. దీన్ని ముడితే ఊరంతా మీదికొస్తరు.”

“మరి రేంజరుకేం చెప్పాలె జంపక్కా?”

“గది మీ కొలువు సార్. పుట్టనైతే ముట్టనియ్య.”

దేవభయముకంటె ఊరిభయము ఘనమగుటచే గడ్డపార దించితిని. చేయునది లేక, లావునైనను సరిచూతమని, చెప్పులు విడిచి, మొక్కినట్టు పుట్టపై మోకాళ్లూని టేపు చుట్టబోవగా, నిద్రించుచున్న నా బుద్ధి ఉలిక్కిపడి లేచెను. లావు కొలుచుటకై మాను చుట్టు తెల్లరంగు పట్టీ కిందటిమారే వేసియుంటిమి. వేయునది నిలుచున్న మనిషి రొమ్మెత్తున. రొమ్మెత్తు పట్టీని పొద్దుటను ఇట్లే మోకాళ్లపై కూర్చుండి కొలిచియు, ఎందుకు కూర్చుంటినాయని తలపోయని మహామేధావి ఈ హరిలాలే! చెట్టు కుంగలేదు, చుట్టూ నేల పుట్టయై లేచినది; పుట్ట తవ్వకయే పాత నేల జాడ పట్టీ చెప్పును. పట్టీనుండి కొనవరకు కొలిచి, పట్టీ కింద ఉండవలసిన నాలుగున్నర అడుగులు కలిపితిని.

అంతలో జీపు దుమ్ము లేపుచు వచ్చెను.

“ఏమయ్యా, నలభై ఒకటి ఎంత పెరిగింది?” అనెను రేంజరు.

“జానెడు సార్!” అని సింహనాదము చేసితిని.

“ఐదేండ్లకు జానెడేనా?”

“పుట్ట తొడెత్తు పెరిగింది సార్,” అనెను జంపక్క. “చెట్లనొదిలి చెదలను కొలవమనుండ్రి. ఈ సార్‌కు పేరొస్తది.”

రేంజరు పగలబడి నవ్వెను. నవ్విననేమి? దశదిశలారా, వినుడు! చీమంత లేని చెదపురుగుల చేత ఓడినను, టేకు జానెడు పెరిగెను. తోట మరల కొలుచు పని తప్పెను. వీరాగ్రణి హరిలాల్ సద్దిగిన్నె మూత జయప్రదముగా తీసెను!