లైన్‌మేన్ కాలినడక

ఆ ఉదయం గంగరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటి దగ్గర బయల్దేరి రొయ్యల చెరువుల గట్టు మీదుగా కాలవ లాకుల దాకా నడవడం, మళ్లీ అదే గట్టు మీద వెనక్కి రావడం. మధ్యలో ఎవరింటికీ వెళ్లకూడదు, ఎక్కడా ఏమీ తినకూడదు. ఇంత చిన్న పని చేసుకోవాలన్నా ఊరు ఒప్పుకోవాలని అప్పటికాయనకి తెలియదు.

భీమవరానికి కాస్త దూరంలో ఉన్న ఉప్పులపర్రులో గంగరాజు కరెంటు లైన్‌మేన్. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్తంభానికి కట్టిన స్టే వైరులా సన్నగా ఉండేవాడు. ఇరవయ్యేళ్లు తిరిగేసరికి ట్రాన్స్‌ఫార్మర్ అయ్యాడు. అందులో ఆయన తప్పు తక్కువ. ఆ ఊళ్లో ఫ్యూజు వేసినవాణ్ణి పెసరట్టు పెట్టకుండా పంపరు. వైరు లాగినవాణ్ణి భోజనం పెట్టకుండా వదలరు. వద్దంటే ఇంటాయన చిన్నబుచ్చుకుంటాడు, తింటే డాక్టరు చిన్నబుచ్చుకుంటాడు. డాక్టరు ఆర్నెల్లకోసారి కనపడతాడు, ఇంటాయన రోజూ కనపడతాడు. ఎవరి మాట వినాలో గంగరాజుకి ఒకరు చెప్పక్కర్లేకపోయింది.

అలా సాగిపోతున్న కడుపుకి కొత్త ఏఈ ఉదయ్‌భాస్కర్ అడ్డం పడ్డాడు. కుర్ర ఇంజనీరు. పొద్దున్నే భీమవరంలో జిమ్ముకి వెళ్లి ఇనుము ఎత్తి దించి, సీసాలో సున్నంలాంటిదేదో కలుపుకుని తాగి ఆఫీసుకొస్తాడు. అలాంటివాళ్లకి లోకమంతా తమలాగే ఆకలితో ఉండాలని ఉంటుంది. వచ్చీ రాగానే లైన్‌మేన్లందర్నీ వరసలో నిలబెట్టి, స్తంభం ఎక్కేటప్పుడు నడుముకి కట్టుకునే బెల్టు కట్టుకోమన్నాడు. అందరికీ పట్టింది. గంగరాజుకి బెత్తెడు తక్కువొచ్చింది.

"ఒకటో తారీఖుకి ఈ బెల్టు పట్టాలండి గంగరాజుగారూ. పట్టకపోతే మిమ్మల్ని జిల్లా స్టోరుకి రాసేస్తాను. అక్కడ స్తంభాలెక్కే పనుండదు. బోల్టులు లెక్కపెట్టుకోవచ్చు," అన్నాడు ఏఈ.

గంగరాజుకి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆయన జీవితంలో అది మొదటిసారి. బోల్టులు లెక్కపెట్టేవాణ్ణి ఎవరు గారూ అంటారు? ఎవరు పెసరట్టు పెడతారు?

మర్నాడే నడక మొదలుపెట్టాడు. మొదటి రోజు రోడ్డు మీద నడిచాడు. వచ్చిన ప్రతి బండీ ఆగింది. "తమరు నడవడమేంటండి, ఎక్కండి," అన్నారు. ఒకాయన్ని వద్దన్నాడు, ఇంకొకాయన్ని వద్దన్నాడు. మూడో ఆయన బండి దిగి చెయ్యి పట్టుకున్నాడు. గోదావరి జిల్లాల్లో చెయ్యి పట్టుకున్నాక వద్దనడమంటే కొట్టడంతో సమానం. ఆ బండి తిన్నగా హోటలు దగ్గర ఆగింది. గంగరాజు నాలుగు ఇడ్లీలు, ఒక గారె బరువు పెరిగి, ఆటోలో ఇంటికొచ్చాడు.

అందుకే రెండో రోజు, మబ్బు పట్టిన ఆదివారం, సెలవు పెట్టుకుని మరీ చెరువుల గట్టు ఎంచుకున్నాడు. గట్టు మీద బళ్లు తిరగవు.

"ఫోను ఇంట్లో పెట్టెళ్లండి," అంది భార్య నూకరత్నం. "ఫోనుంటే ఎవరో ఒకరు పిలుస్తారు, పిలిస్తే మీరెళ్తారు, వెళ్తే తింటారు."

"ఏదైనా అర్జెంటొస్తేనో?"

"మీకు సెలవు కదండీ. లోవరాజున్నాడు డ్యూటీలో. మీకున్న అర్జెంటల్లా మీ పొట్టే."

గంగరాజు ఫోను పెట్టేసి, కొడుకు వదిలేసిన బూట్లు తొడుక్కుని బయల్దేరాడు.

గట్టుకి అటూ ఇటూ చెరువుల్లో ఏరియేటర్లు నీళ్లు చిలుకుతున్నాయి. రొయ్యకి గాలి కావాలి. ఆ చక్రాలు తిరిగితేనే నీళ్లల్లో గాలి ఉంటుంది, కరెంటుంటేనే చక్రాలు తిరుగుతాయి. మబ్బు పట్టిన పొద్దుట కరెంటు పోయి కాసేపు రాకపోతే రొయ్యలన్నీ నీళ్ల మీదకొచ్చి తేలతాయి. వాటితోపాటు రైతూ తేలతాడు. అందుకని ఉప్పులపర్రు రైతు దేవుడి మొహం చూడకపోయినా ఊరుకుంటాడు గానీ, లైన్‌మేన్ మొహం మటుకు రోజూ చూసుకుంటాడు. ఆ మొహం బాగుంటే రోజు బాగున్నట్టు.

ఆ రోజు ఆ మొహం బాలేదు. సగం దూరం నడిచేసరికి గంగరాజుకి ఆయాసం వచ్చింది. దగ్గర్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కింద ఆగి, నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని, మొహం పైకెత్తి గట్టిగా ఊపిరి వదిలాడు. ఈ పాటికి హోటల్లో ఉప్మా పెసరట్టు మొదటి వాయి దిగుతూ ఉంటుందని గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపాడు.

ఇదంతా అవతలి గట్టు మీంచి జానకిరామ్ చూశాడు. ఆయన చెరువులో పంట పట్టుబడికొచ్చి ఉంది. ఇంకో వారంలో వలేసి పట్టెయ్యాలి. అలాంటప్పుడు రైతుకి కాకి అరిచినా కంగారే. పంచె ఎగ్గట్టుకుని గబగబా వచ్చాడు.

"ఏంటండి గంగరాజుగారూ, ఇలా వచ్చారు. బండేదండి?"

"ఇంటి దగ్గరుందండి. ఊరికే నడుస్తున్నానండి."

"ఊరికేనా?"

"ఆయ్. ఒళ్లు తగ్గుదామని."

జానకిరామ్ ఆయన్ని పైనుంచి కిందకి చూశాడు. తగ్గేవాడిలా కనపడలేదు.

"డ్యూటీయా అండి ఇయ్యాళ?"

"సెలవండి."

"సెలవునాడు ట్రాన్స్‌ఫార్మర్ కిందకొచ్చి తల ఊపుతున్నారు," అన్నాడు జానకిరామ్, తనలో తాను అనుకుంటున్నట్టు. "నాకు చెప్పకూడని విషయమైతే చెప్పకండి. నేనడగను."

"చెప్పడానికేం లేదండి. నడకండి, నడక."

"అర్థమైందండి. మీరు కానివ్వండి."

గంగరాజు కానిచ్చాడు. లైన్‌మేన్ ఎక్కడ నడిచినా చూపు తీగల మీదే ఉంటుంది. అది ఆయన కావాలని చేసే పని కాదు, మెడకి పట్టిన అలవాటు. అలా తీగలు చూసుకుంటూ పోతున్న ఆయన వీపునే జానకిరామ్ కాసేపు చూశాడు. ఇరవయ్యేళ్లలో ఈ మనిషి బండి దిగి పది బారలు నడిచిన పాపాన పోలేదు. పని లేకుండా పొద్దున్నే చెరువు గట్టు మీద నడిచే మనిషి ఈ భూమ్మీద ఉంటాడా? ట్రాన్స్‌ఫార్మర్ పోబోతోంది. పైవాళ్లు చెప్పొద్దన్నారు. పాపం, మంచివాడు కాబట్టి చెప్పకుండా చెప్పడానికి నడిచొచ్చాడు. జానకిరామ్ షెడ్డులోకి వెళ్లి జనరేటర్ స్టార్ట్ చేశాడు.

పక్క చెరువు రమేష్ బాబుది. షెడ్డులో కాఫీ తాగుతున్నవాడికి జనరేటర్ చప్పుడు వినపడింది. చూస్తే తన ఏరియేటర్లు కరెంటు మీదే తిరుగుతున్నాయి. కరెంటుండగా డీజిల్ తగలేసేంత ఔదార్యం జానకిరామ్‌కి లేదని రమేష్ బాబుకి బాగా తెలుసు. గట్టు మీదకొచ్చి కేకేశాడు.

"ఏంటి బావా, కరెంటుందిగా?"

"ఉంది. ఉన్నంతసేపు ఉంటది."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. గంగరాజుగారు నడుచుకుంటా వెళ్లారు."

"నడుచుకుంటానా?" అని రమేష్ బాబు కాఫీ గ్లాసు అక్కడే వదిలేసి షెడ్డులోకి పరుగెత్తాడు.

ఆ తరవాత చెప్పేవాళ్లూ వినేవాళ్లూ అక్కర్లేకపోయింది. ఒక జనరేటర్ చప్పుడు విని పక్కది మొదలైంది, దాన్ని విని ఆ పక్కది. ఇంట్లో డీజిల్ లేనివాళ్లు క్యాన్లు పట్టుకుని బంకు మీద పడ్డారు. బంకు దగ్గర క్యూ చూసినవాళ్లు తమకి చెరువు లేకపోయినా క్యాన్లు తెచ్చుకున్నారు. ఒకాయన మందీమార్బలంతో వల దింపేసి, పట్టుబడి అన్నాడు. ఐస్ లారీకి కబురెళ్లింది.

అప్పటికి గంగరాజు లాకుల దగ్గరకి చేరాడు. చేరానన్న సంబరంతో వెనక్కి తిరిగేసరికి, తాను నడిచొచ్చిన గట్టు పొడుగునా జనరేటర్లు మోగుతున్నాయి.  ఇన్ని జనరేటర్లు మోగాయంటే చెరువులకి కరెంటు తెచ్చే ఫీడర్ లైను పోయినట్టే. తీగ తెగిందో, ఏమైందో. జేబు తడుముకున్నాడు. ఫోను లేదు. సెలవైతే ఏమైంది, గొడవైతే ఏఈ ముందు అడిగేది గంగరాజెక్కడని. ఒకటో తారీఖు దాకా ఆగక్కర్లేకుండా ఇవాళే స్టోరుకి రాసేస్తాడు.

గంగరాజు సబ్‌స్టేషన్ వైపు పరుగు లంకించుకున్నాడు.

నడిచే లైన్‌మేన్‌నే ఎరగని ఊరు, పరిగెత్తే లైన్‌మేన్‌ని చూసింది. అంతవరకూ నమ్మని ఒకరిద్దరు కూడా నమ్మేశారు. రోడ్డెక్కాక కొందరు బళ్ల మీద ఆయన వెనకే వచ్చారు. "ఎక్కండి, దింపుతాం," అని ఒక్కడూ అనలేదు. కావలసినప్పుడు ఎవడూ అనడు.

సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ ఆరోన్ రెండు చెవులకీ చెరో ఫోను పెట్టుకుని కూర్చున్నాడు. గంగరాజు గుమ్మం పట్టుకుని, "ఏ... ఏ ఫీడరు?" అన్నాడు.

"మీరే చెప్పాలండి," అన్నాడు ఆరోన్.

"నేను చెప్పడమేంటి?"

"ఊరంతా మీరే చెప్పారంటన్నారండి. ఏది పోతందో చెప్తే రాసుకుంటాను."

ఈలోపు ఏఈ ఉదయ్‌భాస్కర్ జిమ్ము బట్టల్లోనే కారు దిగాడు. ఆయనకి పొద్దుణ్ణుంచీ రైతులు ఫోన్లు చేశారు, రైతుల బావమరుదులు చేశారు, ఆఖరికి పైఆఫీసరు చేసి, "ఏంటయ్యా మీ లైనేదో కూలిపోతోందట," అన్నాడు.

"గంగరాజుగారూ, ఆ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఏం చూశారు మీరు?"

"ఏం చూళ్లేదండి."

"చూడకపోతే పరుగెందుకు?"

"జనరేటర్లు మోగుతున్నాయండి."

"అవి మిమ్మల్ని చూసి మోగుతున్నాయండి."

"నేను వాటిని చూసి పరిగెత్తానండి."

ఏఈ నుదురు నొక్కుకున్నాడు. బయట జనం పోగయ్యారు. ఏమీ లేదని చెప్పి పంపేస్తే, రేపు నిజంగా ఏదైనా కాలితే పైఆఫీసరు పట్టుకునేది తన మెడే. ఉద్యోగంలో కొత్తయినా ఆ మాత్రం చదువు చదువుకున్నాడు.

"ఆరోన్, లైను ఆపేయ్. వెళ్లి చూద్దాం."

ఆరోన్ ఆపేశాడు. ఊళ్లో కరెంటు పోయింది. బయటున్న జనంలోంచి ఎవరో తృప్తిగా, "చెప్పానా," అన్నారు.

అందరూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరకి చేరారు. డ్యూటీలో ఉన్న లోవరాజు నిచ్చెనా బెల్టులూ తెచ్చాడు. ఏఈ ఒక బెల్టు తీసి గంగరాజు చేతికిచ్చాడు.

"చూసింది మీరే కదా. ఎక్కండి."

గంగరాజు జనం వైపు చూశాడు. ఇరవయ్యేళ్లు పెసరట్లు పెట్టినవాళ్లంతా అక్కడే ఉన్నారు. బెల్టు నడుముకి చుట్టి, ఊపిరి బిగబట్టి, పొట్ట వీపుకి అంటుకోవాలని మనసులో వేడుకుని లాగాడు. అంత పరుగు పెట్టినా బెత్తెడు బెత్తెడుగానే ఉంది. ఇంకోసారి లాగాడు. మొహం ఎర్రబడింది గానీ బెల్టు కదల్లేదు.

"చూశారా?" అన్నాడు ఏఈ, అందరికీ వినపడేలా. "స్తంభం ఎక్కలేని లైన్‌మేన్ మీకెందుకండి? అందుకే స్టోరుకి..."

"ఆయనెందుకండి ఎక్కడం?" అన్నాడు జానకిరామ్.

"అదేంటండి?"

"కిందనుంచి కనపడనివాళ్లు ఎక్కాలండి. ఈయనకి కిందనుంచే తెలిసిపోయింది కదా. నేను చూస్తానే ఉన్నాను, కళ్లు మూసుకుని మరీ చెప్పేశాడు."

జనం ఔనన్నారు. జనం ఔనన్నాక కాదనడానికి ఏ ఇంజనీరింగూ పనికిరాదు. ఏఈ లోవరాజుని ఎక్కమన్నాడు. లోవరాజు ఎక్కి, అటూ ఇటూ చూసి, పైనుంచి ఒక కాకిగూడు తీసి కింద పడేశాడు. అది ఏఈ బూట్ల ముందు విచ్చుకుంది. పుల్లల మధ్య తుప్పు పట్టిన తీగముక్కలు బయటపడ్డాయి.

ఆ ప్రాంతంలో కాకిగూడు లేని స్తంభం వెతికినా దొరకదు. తీగముక్క లేని కాకిగూడూ దొరకదు. ఆ సంగతి గంగరాజుకీ తెలుసు, లోవరాజుకీ తెలుసు. తెలియనివాళ్లే ఎక్కువమంది ఉన్నారు.

"ఇది గనక రెండు తీగలకీ తగిలుంటే..." అన్నాడు రమేష్ బాబు. మిగతాది ఎవరికి వాళ్లు ఊహించుకున్నారు. అందరి జనరేటర్లూ మోగుతూనే ఉన్నాయి. కరెంటు లేకపోయినా ఏ చెరువులోనూ ఒక్క రొయ్య తేల్లేదు.

గంగరాజుకి మనసొప్పలేదు. "ఏవండీ, నిజం చెప్పాలంటే నేను ఒళ్లు తగ్గుదామనే నడిచానండి," అన్నాడు.

"తమరు అలాగే అంటారండి," అన్నాడు జానకిరామ్ ఆప్యాయంగా. "డిపార్టుమెంటు పరువు తియ్యకూడదని."

ఆ సాయంత్రం రైతులంతా కలిసి ఏఈ దగ్గరకి వెళ్లారు. రెండే కోరికలు కోరారు. గంగరాజుగారిని ఉప్పులపర్రు నుంచి కదపకూడదు. గంగరాజుగారు ఇకమీదట కాలినడకన కనపడకూడదు. ఇంకోసారి ఆయన నడిస్తే తమ గుండెలాగిపోతాయి. డీజిలూ అయిపోయింది. ఏఈ రెండింటికీ ఒప్పుకున్నాడు. రూలు ప్రకారం బెల్టుండాలి కాబట్టి, జిల్లా స్టోరు నుంచి అన్నిటికన్నా పొడుగాటి బెల్టొకటి తెప్పించి ఇచ్చాడు.

"నడక మానేశారేంటండి?" అంది నూకరత్నం నాలుగో రోజున.

"వద్దన్నారు."

"డాక్టరా?"

"రైతులు."

ఒకసారి తెల్లారకుండా పెరట్లో కోళ్లగూడు చుట్టూ నడిచి చూశాడు. గోడవతల నుంచి, "గంగరాజుగారూ, ఏదైనా ఉంటే ముందు మాకు చెప్పండి," అని వినపడింది. ఇంట్లోకొచ్చేశాడు. అప్పట్నుంచీ ఏ చెరువు పట్టుబడి అయినా మొదటి బకెట్టు రొయ్యలు ఆయనింటికే వస్తున్నాయి. నూకరత్నం తిట్టుకుంటూనే ఇగురు పెడుతోంది.

దసరా వచ్చేసరికి ఆ పొడుగాటి బెల్టు కూడా చివరి కన్నంలోకి వచ్చింది.