శంకుస్థాపన రాయికి పునాది

"ఇకమీదట మన ప్రాంతంలో ఏదీ కుంగదు, ఏదీ ఒరగదు, ఏదీ బీటలు వారదు" అని నేలల, పునాదుల ఇంజనీర్ల సంఘం మార్కాపురం శాఖ కార్యదర్శి నిత్యానందం గారు ప్రారంభోత్సవ సభలో ప్రకటించారు. తెలుగువాళ్లకు కొత్త రాష్ట్రం వచ్చి రెండేళ్లు నిండకముందే, పెద్ద పెద్ద పట్నాలకు కూడా అందని ఒక శాస్త్రం మార్కాపురంలో శాఖ తెరిచిందంటే అది ఆ ఊరి అదృష్టం అనాలి. సభ ఒక పలకల ఫ్యాక్టరీ మేడ మీద జరిగింది. మెట్లు కొంచెం ఊగుతున్నాయని, ఒక్కొక్కరే ఎక్కమని చెప్పడానికి కింద ఒక మనిషిని నిలబెట్టారు.

ఆ సభలో చివరి బెంచీ మీద కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు కాటమరాజు. తర్లుపాడు దగ్గర నల్లమిట్ట అనే ఊరికి పంచాయతీ ప్రెసిడెంటు. ఆయన చదువు సంతకం దగ్గరే ఆగిపోయింది గానీ, చదువుకున్నవాళ్లంటే ప్రాణం పెడతాడు. ఎదుటివాడు ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడితే చాలు, భుజం మీది కండువా చేతిలోకి దిగుతుంది. నిత్యానందం గారు నేలకున్న బేరింగ్ కెపాసిటీ గురించి, అంటే బరువు మోసే శక్తి గురించి, అచ్చంగా ఇంగ్లీషులోనే, ఉప్మా చల్లారిపోయేదాకా మాట్లాడారు. కాటమరాజు కళ్లు చెమర్చాయి.

అయితే ఆయన వచ్చింది శాస్త్రం కోసం కాదు, బడి కోసం. నల్లమిట్ట బడి కాటమరాజు గొర్రెల దొడ్డిలో నడుస్తోంది. పొద్దున గొర్రెలు మేతకు పోగానే పిల్లలు వస్తారు. సాయంత్రం పిల్లలు పోగానే గొర్రెలు వస్తాయి. ఈ ఏర్పాటు మీద ఇటు పిల్లలకు గానీ అటు గొర్రెలకు గానీ ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదల్లా స్కూళ్ల ఇన్‌స్పెక్టరుది. ఎండాకాలం సెలవులు అయ్యేలోగా బడికి సొంత స్థలంలో పక్కా కట్టడం కనపడకపోతే బడి ఎత్తేస్తానని, పంతులమ్మను కొమరోలుకు మార్పిస్తానని చెప్పి పోయాడాయన.

ఆ పంతులమ్మ ఏసమ్మ. మిషను బళ్లో చదువుకుని వచ్చిన పిల్ల. ఆమె వచ్చాకే నల్లమిట్టలో గొర్రెలు కాసే ఇళ్ల ఆడపిల్లలు తమ పేరు తాము రాసుకోవడం మొదలుపెట్టారు. ఆమె పోతే ఆ ఊరికి ఇంకెవరూ రారు. కాటమరాజుకు తిండి సహించకపోవడానికి కారణం ఇదే.

ప్రభుత్వం మాత్రం దయగలది. బడికి సిమెంటు పర్మిటు వచ్చింది. అంతటితో ఆగకుండా సిమెంటు కూడా వచ్చింది. మంత్రిగారు స్వయంగా వచ్చి శంకుస్థాపన చేస్తారన్న కబురూ వచ్చింది. కాటమరాజు బస్తాలను తన వసారాలో పేర్పించి, వాటికి చెమ్మ తగలకుండా ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పి, తాను ఉత్త చాప మీద పడుకున్నాడు.

ఇక్కడ మంత్రిగారి కష్టం కూడా కాస్త చెప్పుకోవాలి. ఈ తాలూకాల్లో ఆయన చేయని శంకుస్థాపన లేదు. నేలేమో నల్లరేగడి. ఎండకు నోరు తెరుస్తుంది, వానకు ఉబ్బుతుంది. గట్టిగా ఒక వానాకాలం గడిచేసరికి ఆయన పేరు చెక్కిన రాళ్లు తలా ఒక పక్కకు ఒరిగాయి. గిద్దలూరు దారిలో ఒక రాయి అయితే పూర్తిగా వెల్లకిలా పడుకుంది. వెనకాల కట్టడాలేవీ లేకపోవడం వల్ల ఈ ఒరగడం చాలా దూరానికి కూడా స్పష్టంగా కనపడుతోంది. ప్రతిపక్షంవాళ్లు దీని మీద పాట కట్టి ఊరూరా పాడారు. మంత్రిగారి మనసు నొచ్చుకుంది. మార్కాపురం శాఖ పుట్టింది ఆ నొప్పిలోంచే.

సభ అయ్యాక కాటమరాజు కార్యదర్శి గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దొరా, మా బడి గోడలు నిలబడతాయంటారా?"

"గోడలు మా సబ్జెక్టు కాదయ్యా. భూమికి కింద ఉండేదే మా పరిధి."

"అట్లయితే బడి పునాది చూసి పెట్టండి."

"బడి తరవాత. ముందు రాయి. శంకుస్థాపన రాయికి పునాది ఎంత లోతుండాలో ప్రపంచంలో ఇంతవరకు ఎవడూ లెక్క కట్టలేదు. అది మొట్టమొదట మీ నల్లమిట్టలోనే జరగబోతోంది."

ప్రపంచం మాట వినగానే కాటమరాజు కండువా చేతిలోకి దిగిపోయింది.

ఆ వారంలోనే సంఘం వారి జీపు నల్లమిట్ట వచ్చింది. బడి స్థలంలో చిన్న గుంత తీశారు. అడుగున ఉన్న మట్టిని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి, ఒక డబ్బాలోకి దించి, మూత చుట్టూ మైనం పూశారు.

"దీన్ని అన్‌డిస్టర్బ్‌డ్ శాంపిల్ అంటారు" అన్నారు నిత్యానందం గారు. "భూమిలో ఎట్లా పడుకుని ఉందో డబ్బాలో కూడా అట్లాగే పడుకుని ఉండాలి. ల్యాబుకు పోయే లారీ వచ్చేదాకా దీన్ని ఎవరూ కదపకూడదు. బాధ్యత నీది."

కాటమరాజు డబ్బాను వంటింటి మూల గాదె పక్కన పెట్టించి, ఇంట్లో అందరినీ మెల్లగా నడవమన్నాడు. దాని దగ్గర గట్టిగా తుమ్మాడని సొంత తమ్ముణ్ణి కసిరాడు. ఇంత జాగ్రత్తగా ఉన్నవాడు, మంత్రిగారికి పూలదండలు మాట్లాడాలని ఒక్క పూట మార్కాపురం పోయాడు. తిరిగొచ్చేసరికి వంటింట్లో పొయ్యి కొత్త పెళ్లికూతురిలా నున్నగా మెరుస్తోంది. డబ్బా ఖాళీగా బోర్లించి ఉంది.

"పొయ్యి బీటిచ్చింది. డబ్బాలో మెత్తటి మట్టి కనపడితే మెత్తినా" అంది భార్య నాగేంద్రమ్మ. "ఏంది అట్ల చూస్తావు? మట్టి గూడా దాచిపెట్టుకుంటారా ఎవరన్నా?"

"అది సర్కారు మట్టే! కదపగూడని మట్టే!"

"ఇప్పుడెవురు కదుపుతాండారు? పొయ్యికి అతుక్కోని ఉండాది గదా."

అప్పుడే వీధిలో లారీ హారను మోగింది. బడి స్థలానికి పోయి మళ్లీ తవ్వి తెచ్చే వ్యవధి లేదు. కాటమరాజు డబ్బా పట్టుకుని దొడ్డిలోకి పరిగెత్తాడు. గొర్రెలు పడుకునే చోట చేతికందిన మట్టి తవ్వి, డబ్బాలో కూరి, కొత్తగా మెత్తిన పొయ్యి మీదే మైనం కరిగించి మూత అతికించాడు. డబ్బా లారీ ఎక్కింది.

ల్యాబు ఫలితం రాగానే మార్కాపురం శాఖ అత్యవసరంగా సమావేశమైంది. నల్లమిట్ట మట్టిలో సేంద్రియ పదార్థం సగానికి పైగా ఉందట. ఇంత బలహీనమైన నేల ఆ ల్యాబు పుట్టిన తరవాత చూడలేదట. డబ్బా తెరిచినవాళ్లు కిటికీలు కూడా తెరవాల్సి వచ్చిందట. నల్లమిట్ట కింద లక్షల ఏళ్లనాటి మహారణ్యం పూడిపోయి ఉందని ఒక ఓవర్సియరు అన్నాడు. కాదు, అది ఎండిపోయిన సముద్రమని ఇంకొకాయన పట్టుబట్టాడు. నిత్యానందం గారు ఇద్దరినీ శాంతపరచి, అరణ్యం మీద ఒకటి, సముద్రం మీద ఒకటి రెండు పేపర్లు రాస్తానని మాట ఇచ్చారు.

చివరి బెంచీలో కాటమరాజు కూడా ఉన్నాడు. ఎంతైనా నిజం చెప్పేసేయాలని లేచాడు.

"దొరా, ఆ మట్టి... అందులో మరి గొర్రెలు..."

"ఆదికాలపు గొర్రెలా?" నిత్యానందం గారి కళ్లు మెరిశాయి. "ఆ అవకాశం కూడా లేకపోలేదు. రాసుకోండయ్యా!"

సభ చప్పట్లు కొట్టింది. అంతమంది చదువుకున్నవాళ్ల సంతోషాన్ని పాడు చేయడానికి మనసొప్పక కాటమరాజు కూర్చున్నాడు.

అడుగున బండ తగిలేదాకా తవ్వి, అక్కణ్ణుంచి కాంక్రీటు పోసుకుంటూ పైకొచ్చి, దాని మీద రాయి నిలబెట్టాలని తీర్మానం జరిగింది. దానికి కావలసిన సిమెంటు చూస్తే, చిత్రంగా, బడికి మంజూరైన సిమెంటుతో సరిగ్గా సరిపోయింది. బస్తాలను కాటమరాజే తన బండిలో వేసుకుని తోలాడు. గుంత దగ్గర ఏసమ్మ ఎదురైంది.

"పెదనాయనా, ఇది బడి సిమెంటు గదా?"

"రాయి నిలబడితేనే గదమ్మా బడి నిలబడేది. ఇంజనీరు దొర చెప్పినాడు."

ఏసమ్మ గుంతలోకి తొంగి చూసింది. "పూడ్చకుండా వదిలేసినా బాగుండు. రెండు క్లాసులు కూచోబెట్టేదాన్ని" అంది.

శంకుస్థాపన దివ్యంగా జరిగింది. రాయి మామూలు రాయి కాదు, మార్కాపురం గనిలోంచి తీసిన నిలువెత్తు నల్లటి పలకరాయి. ముందు వైపు మంత్రిగారి పేరు, వెనక వైపు అద్దంలాంటి నునుపు. మంత్రిగారు దాన్ని ఒక్క చేత్తో నెట్టి చూశారు. తరవాత రెండు చేతులతో నెట్టారు. పార్టీవాళ్లు కూడా వచ్చి నెట్టారు. రాయి కదల్లేదు. మంత్రిగారు నిత్యానందం గారిని కౌగిలించుకుని, ఇది నా జీవితంలో మొట్టమొదటి శాశ్వతమైన పని అన్నారు. ఆ మాటలో దాపరికం లేదని అందరూ ఒప్పుకున్నారు.

జూన్ వచ్చింది. ఇన్‌స్పెక్టరూ వచ్చాడు. ఆ పొద్దున్నే ఏసమ్మ పిల్లలను దొడ్డిలోంచి తీసుకొచ్చి రాయి వెనకాల కూర్చోబెట్టి, ఆ నునుపు మీద సుద్దముక్కతో అక్షరాలు రాయడం మొదలుపెట్టింది. కాటమరాజు ముందుగానే మార్కాపురం పోయి నిత్యానందం గారి కాళ్లావేళ్లా పడి జీపులో వెంటబెట్టుకొచ్చాడు.

"సొంత స్థలం?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఉంది సార్" అన్నాడు కాటమరాజు.

"పక్కా కట్టడం?"

"ఈ జిల్లాలో ఇంతకు మించిన పక్కా కట్టడం లేదు. బండ మీద ఆనుకుని ఉంది. సంఘం తరఫున సర్టిఫికెట్ ఇస్తాను" అన్నారు నిత్యానందం గారు.

"నల్లబోర్డు కనపడుతూనే ఉంది. మరి పైకప్పు?"

"పైకప్పు మా పరిధి కాదు."

ఇన్‌స్పెక్టరు తన రూల్సు పుస్తకం తిరగేశాడు. "నా రూల్సులో కూడా పైకప్పు అని విడిగా లేదు" అన్నాడు. బడి ఉండిపోయింది. ఏసమ్మ ఉండిపోయింది. కాకపోతే ఇకనుంచి బడి ఆ కట్టడం దగ్గరే జరగాలి, మళ్లీ దొడ్డిలో కనపడితే ఎత్తేస్తానని ఇన్‌స్పెక్టరు హెచ్చరించి పోయాడు. ఆ పూట కాటమరాజు కడుపు నిండా తిన్నాడు.

తరవాత వాన పట్టుకుంది. దొడ్డికి పోతే బడి పోతుంది. పిల్లలు రాయిని కరుచుకుని తడుస్తూ నిలబడ్డారు. రాసిన అక్షరాలన్నీ నీళ్లలో కారిపోయాయి. కాటమరాజు ఇంట్లో ఉన్న గొంగళ్లన్నీ మోసుకుని పరిగెత్తుకొచ్చేసరికి సంఘం జీపు కూడా వచ్చి ఆగింది. అందులోంచి నిత్యానందం గారు దిగారు, వెనకే పెద్ద టార్పాలిన్ దిగింది. మనుషులు గబగబా గుంజలు పాతి, రాయి మీద పందిరిలా కట్టేశారు. కాటమరాజు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"దొరా, దేవుడల్లే వచ్చినారు. పిల్లోళ్లు చలికి వణికిపోతాండారు."

"పిల్లలా?" నిత్యానందం గారు అప్పుడే వాళ్లను చూశారు. "వాళ్లను దూరంగా పొమ్మను. ఇది రాయి కోసం. రాయి కింద పొడిగా ఉండి వాన నీళ్లు చుట్టుపక్కలే దిగితే రాయి ఒరుగుతుందా లేదా కొలవాలి. వీళ్ల బరువు కూడా తోడైతే రీడింగు తప్పుతుంది."

 ఏసమ్మ పిల్లలను ఒక్కొక్కరినే రెక్క పట్టుకుని టార్పాలిన్ కిందికి లాగి కూర్చోబెట్టింది. నిత్యానందం గారు కాటమరాజు వైపు చూశారు. ఇంజనీరు మాటకు ఎదురు చెప్పడం కాటమరాజు పుట్టి ఎరగడు.

"ఆయమ్మ చెప్పినట్ల కానియండి దొరా" అన్నాడు. "మీరు గూడా లోపలికి రాండి. తడిసి ముద్దయినారు."

నిత్యానందం గారు వానను ఒకసారి చూసి లోపలికొచ్చారు. పిల్లల మధ్య ఇరుక్కుని, రాయి నిలువు చూడడానికి దాని పక్కన దారానికి కట్టిన తూకపు గుండు వేలాడదీశారు. గుండు రాయిని ఆనుకుని నిటారుగా నిలిచింది. ఆయన కేక పెట్టారు.

"కదల్లేదు! బడి మొత్తం వచ్చి కూర్చున్నా కదల్లేదు! ఇది లైవ్ లోడ్ టెస్ట్, ప్రాణమున్న బరువుతో పరీక్ష!"

దీని మీద రాసిన పేపరు సంఘానికి ఎంత పేరు తెచ్చిందో చెప్పనలవి కాదు. సంగతి మంత్రిగారి దాకా పోయింది. నల్లమిట్ట రాయిని చూసి జిల్లాలో తన రాళ్లన్నిటినీ అలాగే నిలబెట్టాలని ఆయన ఉత్తర్వు చేశారు. ప్రతి రాయికీ బండ దాకా పునాది, పైన ఒక టార్పాలిన్. బళ్ల కట్టడాలకని ఉంచిన నిధిని ఈ పరిరక్షణకు మళ్లించారు. వెనకాల కట్టడం లేకపోయినా ఆ ఏడు ఒక్క రాయి కూడా ఒరగలేదు.

వార్షికోత్సవంలో సంఘం వారు కాటమరాజును వేదిక మీదికి పిలిచి, జరీ అంచు శాలువా కప్పారు. ఆయన దాన్ని మడత పెట్టకుండా, భుజాల మీదే ఉంచుకుని, బస్సులో నల్లమిట్ట వచ్చి, సరాసరి బడికి పోయాడు. సన్నగా జల్లు పడుతోంది. పిల్లలు టార్పాలిన్ కింద రాయి దగ్గరకు జరిగి కూర్చుని ఎక్కాలు చదువుతున్నారు.

"అమ్మా ఏసమ్మా, చూసినావా? శాలువా కప్పినారు. మన మాటకు ఇప్పుడు బరువుండాది. ఇదే అదను. గోడలు గూడా అడుగుదామా?"

ఏసమ్మ బోర్డు తుడవడం ఆపి ఆయన వైపు తిరిగింది.

"వద్దు పెదనాయనా. గోడలంటే మళ్లా శంకుస్థాపన చేస్తారు. ఇంకో రాయి పాతితే పిల్లోళ్లు కూచునే జాగా ఏడ ఉండాది?"

 కాటమరాజు శాలువా తీసి, జల్లు కొట్టే పక్క రెండు గుంజల మధ్య అడ్డంగా కట్టాడు.